పంది అవయవంతో పాటు ఏం వస్తుంది?

అందరికీ నమస్కారం.

2021 ఫిబ్రవరిలో మన మెట్రో రైలు నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాకా ఎక్కడా ఆగకుండా ఒక గుండెను మోసుకెళ్లింది. టీవీలో మీరూ చూసే ఉంటారు. అలా ఒక గుండో కిడ్నీయో దొరుకుతుందని అవయవదానం చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని ఎదురుచూసేవాళ్లు మన రాష్ట్రంలో వేలల్లో ఉన్నారు. ఇంట్లో డయాలసిస్ మనిషి ఉన్నవాళ్లకు ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. అందుకే మనిషికి పంది అవయవం పెట్టడం అనగానే "ఛీ, పందా?" అని కొట్టిపారేసేవాళ్ల పక్షాన నేను లేను. పంది గుండె, కిడ్నీ సైజులో మనకు సరిపోతాయి. పంది తొందరగా పెరుగుతుంది, ఈతకు బోలెడన్ని పిల్లలు. ఎంచుకోవడానికి కారణాలు ఉన్నాయి.

నా సబ్జెక్టు వైరస్‌లు కాబట్టి ఆ సంగతే మాట్లాడతాను. జనం భయమంతా పేరు కూడా లేని కొత్త వైరస్ మీద. నాకైతే పేరు తెలిసి, టెస్టు చేసి, "లేదు" అని రిపోర్టు వచ్చాక కూడా లోపలే ఉన్న వైరస్‌తోనే టెన్షన్.

అలా ఒకసారి జరిగింది. 2022 జనవరి 7న అమెరికాలోని మేరీల్యాండ్ యూనివర్సిటీలో డేవిడ్ బెనెట్ అనే 57 ఏళ్లాయనకు పంది గుండె పెట్టారు. ఆ పందిలో 10 జన్యుమార్పులు చేశారు. ముక్కులోంచి స్వాబ్ తీసి వైరస్‌ల కోసం పరీక్షించారు కూడా. పంది సైటోమెగలోవైరస్ లేదని వచ్చింది. ఆపరేషన్ అయిన 20వ రోజు ఆయన రక్తంలో అదే వైరస్ డీఎన్ఏ కాస్త కనబడింది. తర్వాత తర్వాత పెరిగింది. మార్చి 8న ఆయన చనిపోయారు. వైరస్ ఒక్కటే చంపిందని ఎవరూ తేల్చలేదు, యాంటీబాడీలు గుండెను దెబ్బతీసిన గుర్తులూ ఉన్నాయి. కానీ ఆ వైరస్ అక్కడ ఉండకూడనిది.

మరి స్వాబ్‌కు ఎందుకు చిక్కలేదు? అది హెర్పిస్ కుటుంబం వైరస్. ఆ కుటుంబం గుణం మనందరికీ తెలిసిందే. చిన్నప్పుడు అమ్మవారు పోసి తగ్గిపోతుంది. అరవై దాటాక, ఒంట్లో శక్తి తగ్గాక నడుము చుట్టూ సర్పి లేస్తుంది. మధ్యలో అన్నేళ్లూ ఆ వైరస్ నరాల్లో పడుకునే ఉంది. పంది వైరస్ కూడా అంతే. పిల్లగా ఉన్నప్పుడు తల్లి నుంచి అంటుకుంటుంది, అప్పుడైతే ముక్కులో దొరుకుతుంది. పంది పెద్దదయ్యేసరికి కణజాలంలో దాక్కుంటుంది, ముక్కు ఖాళీ. ఇలాంటిదాన్ని "ఇప్పుడు ఉందా" అని వెతికితే లాభం లేదు. "ఎప్పుడైనా సోకిందా" అని రక్తంలో యాంటీబాడీలను అడగాలి. ఆ గుండెను తీసి మనిషిలో పెట్టాక, వైరస్‌ను అదుపులో ఉంచిన పంది ఇమ్యూనిటీ ఇక లేదు. మనిషి ఇమ్యూనిటీని మందులతో మనమే తగ్గిస్తాం. వైరస్ లేవడానికి ఇంతకంటే మంచి అదను ఏముంటుంది?

ఈ వైరస్ మనిషి కణాలకు సోకుతుందన్న గట్టి ఆధారం లేదు. అది పాడుచేసేది పెట్టిన అవయవాన్ని. జర్మనీలో బబూన్ కోతులకు పంది గుండెలు పెట్టి చూశారు. వైరస్ ఉన్న గుండె పెట్టినవి నెల లోపే పోయాయి, లేనివాటిలో ఒకటి 195 రోజులు బతికింది. దీని మీద మందులు అంతంత మాత్రం. అసలు మందు పందుల షెడ్డులోనే ఉంది. సిజేరియన్ చేసి పిల్లను తీయాలి, లేదా పుట్టగానే తల్లి నుంచి వేరు చేయాలి. వడకట్టిన గాలి, శుద్ధి చేసిన మేత పెట్టి పెంచాలి. జన్యువులు కత్తిరించే సైన్సుకు వచ్చినంత పేరు ఈ షెడ్డు పనికి రాదు, ప్రాణం నిలబెట్టేది మాత్రం చాలావరకు ఇదే.

పెర్వ్ అనే రెట్రోవైరస్‌ల కథ వేరు. అవి పంది డీఎన్ఏలోనే రాసి ఉంటాయి, ఎంత శుభ్రంగా పెంచినా పోవు. ల్యాబులో మనిషి కణాలకు అవి సోకగలవని 1997లో లండన్ శాస్త్రవేత్తలు చూపించారు. పెద్ద గొడవే అయింది. 2017లో క్రిస్పర్ అనే జన్యువులు కత్తిరించే పద్ధతితో వాటిని పనిచేయకుండా చేసిన పందిపిల్లలు పుట్టాయి. 2024 మార్చిలో బోస్టన్‌లో రిచర్డ్ స్లేమన్ అనే రోగికి పెట్టిన కిడ్నీ తాలూకు పందిలో 69 మార్పులు ఉంటే, 59 ఈ పెర్వ్ కోసమే. పంది కణజాలం ఎక్కించుకున్న 160 మందిని పరీక్షించి 1999లో ఫలితాలు ప్రకటిస్తే, ఒక్కరిలో కూడా ఆ ఇన్ఫెక్షన్ కనబడలేదు. గోల ఎక్కువ జరిగింది దీని మీద, నాకు భయం తక్కువ ఉన్నదీ దీని మీదే.

ఇంకో చిక్కు ఉంది. పంది కణాల మీద ఆల్ఫా-గాల్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని చూడగానే మన యాంటీబాడీలు దాడి చేస్తాయి, అవయవం గంటల్లో చచ్చిపోతుంది. అందుకే ఆ జన్యువు తీసేస్తారు. కానీ పంది కణం నుంచి బయటికొచ్చే వైరస్ కూడా అదే చక్కెర పూసుకుని వస్తుంది, దాని వల్లే మనకు దొరికిపోతుంది. అవయవం బతకాలని చెరిపిన గుర్తు వైరస్ మీద కూడా చెరిగిపోతుంది.

ఇదంతా ఆ ఒక్క రోగి సమస్యే అయితే సంతకం పెట్టించుకుని ఊరుకోవచ్చు. కానీ పంది వైరస్ ఒక్కరితో ఆగకపోవచ్చు. 1998-99లో మలేసియాలో నిపా వైరస్ మనుషులకు పందుల నుంచే వచ్చింది. వందమందికి పైగా చనిపోయారు, దాదాపు పది లక్షల పందులను చంపేశారు. 2009లో మన దేశంలో స్వైన్ ఫ్లూ మొదటి కేసు బయటపడింది ఈ హైదరాబాద్‌లోనే. అవన్నీ ముక్కు, నోరు దాటుకుని రావాల్సి వచ్చినవి. పెట్టిన అవయవంలోని వైరస్‌కు వీధి తలుపు తట్టే పని కూడా లేదు, నేరుగా నట్టింట్లో దిగుతుంది.

అందుకని ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను బతికినన్నాళ్లూ గమనిస్తూ ఉండాలి. రక్తదానం చేయకూడదు. శాంపిళ్లు దశాబ్దాల పాటు దాచాలి. ఇంట్లోవాళ్లకూ జాగ్రత్తలు ఉంటాయి. మామూలు కొత్త మందు ప్రయోగంలోంచి రోగి ఎప్పుడైనా తప్పుకోవచ్చు, ఇందులో ఆ వెసులుబాటు కష్టం. మన దగ్గర కిడ్నీ మార్పిడి అయినవాళ్లే ఫోన్ నంబరు మార్చేసి ఖమ్మమో వికారాబాదో వెళ్లిపోతుంటారు. బస్సు చార్జీలు, కూలి నష్టం ఎవరిస్తారు? 1997లో గువాహతిలో ఒక డాక్టరు మనిషికి పంది గుండె పెట్టాడు. వారంలో రోగి చనిపోయాడు, డాక్టరు అరెస్టయ్యాడు. మళ్లీ ఎవరైనా మన దేశంలో మొదలుపెట్టే ముందు, పదేళ్ల తర్వాత ఆ మనిషి రక్తం ఎవరు తీస్తారు, ఏ ఫ్రీజర్లో పెడతారు, ఖర్చు ఎవరి లెక్కలో రాస్తారు అన్నది కాగితం మీద ఉండాలని నా పట్టు.

ఇప్పుడే ఒక చీటీ వచ్చింది. "మా నాన్నగారికి పంది వాల్వు వేశారు, భయపడాలా?" అని. అక్కర్లేదమ్మా. ఆ వాల్వును గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంలో నానబెట్టి శుద్ధి చేస్తారు, అందులో ప్రాణమున్న కణం ఉండదు. దశాబ్దాలుగా వాడుతున్నారు. నాన్నగారి మందులు ఆపకండి. పళ్లు పీకించుకునేటప్పుడు మాత్రం డెంటిస్టుకు వాల్వు సంగతి ముందే చెప్పండి.