ఝాలావాడ్: ఒప్పందంలోంచి పుట్టిన రాజ్యం

శ్రోతలకు నమస్కారం. రాజస్థాన్‌కు ఆగ్నేయ కొసన, మాల్వా పీఠభూమి అంచున ఝాల్రాపాటన్ అనే ఊరుంది. 1796లో దాన్ని కట్టించిన జాలిం సింగ్ ఝాలా, బజారులో ఒక పెద్ద రాతిపలక నిలబెట్టించాడు. ఇక్కడికి వచ్చి కాపురం పెట్టినవాళ్లు సరుకు మీద సుంకం కట్టనక్కర్లేదు, ఏ తప్పు చేసినా జరిమానా రూపాయి పావలా దాటదు అని దాని మీద చెక్కించాడు. 1850లో, ఆయన మునిమనవడి పాలనలో, కామ్‌దార్‌గా, అంటే పరిపాలన చూసే పెద్ద ఉద్యోగిగా, ఉన్న అధికారి ఆ హామీలు రద్దుచేసి పలకను చెరువులో పడేయించాడు. పాతికేళ్లు నీళ్లలో ఉండి, 1876 ప్రాంతంలో అది మళ్లీ పైకి వచ్చింది.

ఆ ఊరు రాజధాని ప్రాంతంగా ఏర్పడ్డ ఝాలావాడ్ సంస్థానం కథ కూడా ఇలాంటి రాతతోనే మొదలైంది. కాకపోతే అది రాతి మీద కాదు, కాగితం మీద.

జాలిం సింగ్ రాజు కాదు. కోటా రాజ్యంలో వంశపారంపర్యంగా వస్తున్న ఫౌజ్‌దారీ, అంటే సేనాధిపతి పదవి, ఆయనది. 1771లో కోటా రాజు చనిపోతే, వారసుడు ఉమ్మేద్ సింగ్ ఇంకా పసివాడు. అప్పుడు చేతికొచ్చిన పెత్తనాన్ని జాలిం సింగ్ చనిపోయేదాకా, అంటే సుమారు 50 ఏళ్లు, వదల్లేదు. మరాఠా సైన్యాలు ఒకవైపు, దోపిడీలు చేసే పిండారీ దండ్లు మరోవైపు తిరుగుతున్న రోజుల్లో అంతకాలం కోటాను నిలబెట్టడం సామాన్యమైన పని కాదు. సింహాసనం మీద ఒకరు, రాజ్యమేలేది ఇంకొకరు.

1817 డిసెంబర్ 26న ఢిల్లీలో కోటాకూ ఈస్టిండియా కంపెనీకీ ఒప్పందం కుదిరింది. మిగతా రాజపుత్ర సంస్థానాలతో రాసుకున్నట్టే ఇదీ: కంపెనీ రక్షణ ఇస్తుంది, కోటా కప్పం కడుతుంది, ఇతర రాజ్యాలతో సొంతంగా ఉత్తర ప్రత్యుత్తరాలు నడపదు. చిక్కు ఇందులో లేదు. రెండు నెలలు తిరక్కుండానే, 1818 ఫిబ్రవరిలో, దీనికి ఒక అదనపు షరతు చేర్చారు. గద్దె ఉమ్మేద్ సింగ్ వంశానిది, పరిపాలన మాత్రం శాశ్వతంగా జాలిం సింగ్ వంశానిది అన్నారు. ఒకే ఒరలో రెండు కత్తులు పెట్టారు. జాలిం సింగ్ సమర్థుడు కాబట్టి అప్పటిదాకా ఆ ఏర్పాటు నడిచింది. ఆ సమర్థత కొడుక్కీ మనవడికీ కూడా వస్తుందని ఒప్పందంలో రాసుకోవడమే పొరపాటు.

పొరపాటు బయటపడటానికి ఎంతో కాలం పట్టలేదు. ఉమ్మేద్ సింగ్ పోయాక గద్దెనెక్కిన కిశోర్ సింగ్, ఈ షరతు నాకొద్దన్నాడు. 1821 అక్టోబర్ 1న మాంగ్రోల్ దగ్గర జరిగిన యుద్ధంలో కంపెనీ సైన్యం రాజుకు ఎదురుగా, పెత్తందారు జాలిం సింగ్ పక్షాన నిలబడి పోరాడింది. రాజు ఓడిపోయాడు, ఆయన తమ్ముడు ప్రాణాలు కోల్పోయాడు. జాలిం సింగ్ 1824లో కన్నుమూశాడు. కొడుకు మాధో సింగ్, ఆ తర్వాత మనవడు మదన్ సింగ్ పెత్తనానికి వచ్చేసరికి రెండు ఇళ్ల మధ్యా మాటే లేకుండా పోయింది.

చివరికి 1838లో బ్రిటిషువాళ్లు కోటాను చీల్చారు. 17 పరగణాలు తీసి మదన్ సింగ్‌కు వేరే రాజ్యంగా ఇచ్చారు. వాటి ఆదాయం ఏడాదికి 12 లక్షల రూపాయలని, కోటా రాబడిలో మూడోవంతని లెక్కగట్టారు. కొత్త రాజ్యం కట్టాల్సిన కప్పం 80 వేలు, కోటా కప్పంలో అంత మేరకు తగ్గింపు. కోటాకు దక్కిన తగ్గింపు అక్కడితో ఆగిపోయింది. కోటా ఖర్చుతోనే, ఏడాదికి 3 లక్షలు మించకుండా, ‘కోటా కంటింజెంట్’ అనే సైన్యాన్ని పోషించాలన్నారు. 1857లో తిరగబడింది ఆ కంటింజెంటే. ఆ అక్టోబర్‌లో కోటాలో బ్రిటిషువాళ్ల ప్రతినిధి అయిన పొలిటికల్ ఏజెంట్ మేజర్ బర్టన్ హతుడయ్యాడు. ఆదుకోలేదన్న కారణంతో కోటా మహారావుకు ఇచ్చే ఫిరంగుల వందనాన్ని 17 నుంచి 13కు తగ్గించారు. ఫిరంగి మోతల లెక్కలో ఏముందని మనకు ఇప్పుడు అనిపించవచ్చు. దర్బారులో ఎవరు ముందు కూర్చోవాలో, ఏ రాజుకు ఎంత మర్యాదో ఆ లెక్కే తేల్చేది. రూపాయి ఖర్చు లేని శిక్ష అది.

ఝాలావాడ్‌ను దెబ్బతీసింది వారసత్వం. 1875లో, మొదటి జాలిం సింగ్ మునిమనవడు పృథ్వీ సింగ్ తర్వాత, దత్తపుత్రుడు, రెండో జాలిం సింగ్, మైనరుగా గద్దెనెక్కాడు. 1884లో అధికారాలు ఇచ్చారు. 1887లో వెనక్కి తీసుకున్నారు. 1892 నుంచి విడతలుగా మళ్లీ ఇచ్చారు. 1896లో దుష్పరిపాలన ఆరోపణ మీద ఏకంగా గద్దె దించి, ఏడాదికి 30 వేల పింఛనుతో కాశీకి పంపేశారు. ఆయన పాలన బాగుందని ఎవరూ అనరు. కానీ తప్పు మోపిందీ విచారించిందీ తీర్పు చెప్పిందీ ఒకే ప్రభుత్వం. ఆ పద్ధతి న్యాయమని ఒప్పుకోలేం.

ఆయనకు కొడుకుల్లేరు. ఎవరి సంతతి కోసం రాజ్యాన్ని సృష్టించారో ఆ సంతతే లేదు కాబట్టి, 17 పరగణాల్లో 15 తిరిగి కోటాకు ఇచ్చేశారు. మిగిలిన పాటన్, చౌమహలా ప్రాంతాలతో 1899లో ఒక చిన్న ఝాలావాడ్ కట్టి, అదే ఝాలా కుటుంబానికి చెందిన భవానీ సింగ్‌ను కూర్చోబెట్టారు. విస్తీర్ణం 810 చదరపు మైళ్లు. హైదరాబాద్ సంస్థానం 82 వేల చదరపు మైళ్ల పైమాటే, కాబట్టి ఇది అందులో నూరో వంతు కూడా కాదు. ఫిరంగులు 15 నుంచి 11కు దిగాయి.

కొత్త రాజ్యం కళ్లు తెరిచిందే కరువులో. రాజపుతానా జనం ‘ఛప్పనియా’ అని పిలుచుకునే కరువు అది, విక్రమశకం 1956వ ఏడు. కరువు వెంట జ్వరాలు వచ్చాయి. 1891లో ఆ నేల మీద లక్షన్నర మంది దాకా ఉంటే, 1901 జనాభా లెక్కల్లో తేలింది 90,175 మంది.

అదే సమయంలో ఊరి రూపాయి కూడా చితికిపోయింది. ఝాలావాడ్ టంకశాలలో ముద్రించే వెండి నాణేన్ని మదన్‌షాహీ అనేవారు. 1893 దాకా ఎవరైనా వెండి తీసుకెళ్లి బ్రిటిష్ టంకశాలలో ఇస్తే రూపాయిలు కొట్టి ఇచ్చేవారు, కాబట్టి రెండు నాణేల విలువా వెండి ధరనే అంటిపెట్టుకుని ఉండేది. ఆ ఏడు ప్రభుత్వం టంకశాల తలుపులు మూసింది. బ్రిటిష్ రూపాయి వెండి ధర నుంచి తెగి పైన నిలబడింది. మదన్‌షాహీ మాత్రం పడిపోతున్న వెండితోపాటే కిందికి జారింది. నల్లమందు పండించి బొంబాయి దారిన అమ్ముకునే ప్రాంతమది. బయటి సరుకు ఏది కొనాలన్నా గుప్పెడు నాణేలు ఎక్కువ లెక్కపెట్టాల్సి వచ్చేది. 1901లో ఆ నాణెం చలామణీ ఆగిపోయి, బ్రిటిష్ రూపాయి ఒక్కటే మిగిలింది.

ఇంత చితికిన చోట భవానీ సింగ్ 30 ఏళ్లు పాలించాడు. ఆయన 1921లో ఝాలావాడ్ కోటలో కట్టించిన భవానీ నాట్యశాల ఇప్పటికీ ఉంది. పార్సీ నాటకాల పద్ధతిలో ఆడటానికి కట్టిన రంగస్థలం అది. సంస్థానం చిన్నదైనా మనసు పెద్దదని ఆ గోడల్ని చూస్తే ఒప్పుకోవాలి.

1948 మార్చి 25న తొమ్మిది సంస్థానాలు కలిసి రాజస్థాన్ యూనియన్‌గా ఏర్పడ్డాయి. వాటిలో ఝాలావాడ్ ఒకటి. ప్రారంభోత్సవం కోటాలో జరిగింది. యూనియన్ అధినేతగా, అంటే రాజప్రముఖ్‌గా, ప్రమాణం చేసింది కోటా మహారావు భీమ్ సింగ్. అప్పటికి ఝాలావాడ్ కోటా నుంచి విడిపోయి 110 ఏళ్లు.