పార్లమెంటు గుమ్మంలో పట్టని అర్జీ

సభకు నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాల్లో బ్రిటన్ రాజకీయ సంస్కరణల చరిత్ర గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఎక్కడి లండను, ఎక్కడి మనం అనిపించవచ్చు. అందుకే కృష్ణ ఒడ్డు నుంచే మొదలుపెడతాను.

పులిచింతల రిజర్వాయరు నీళ్ళ కింద కొల్లూరు ఉంది. ఒకప్పుడు వజ్రాల గనికి ప్రపంచమంతా పేరున్న ఊరు. అక్కడ దొరికిందని చెప్పే ఒక పెద్ద వజ్రాన్ని మద్రాసు గవర్నరు థామస్ పిట్ 48,000 వరహాలకు కొన్నాడు. సాన పట్టకముందు దాని బరువు 410 క్యారెట్లు. 1717లో దాన్ని ఫ్రాన్సు రాజప్రతినిధికి 1,35,000 పౌన్లకు అమ్మాడు. ఇప్పుడది పారిస్‌లో, లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

వజ్రం కంటే ముందు పిట్ కొన్న ఇంకో వస్తువు గురించి మీకు చెప్పాలి. 1691 ప్రాంతంలో, అప్పటికే మన దేశంతో వ్యాపారం చేసి గడించిన డబ్బుతో, ఇంగ్లండులో ఒక దిబ్బ కొన్నాడు. పేరు ఓల్డ్ సేరం. పాత కోట గోడల మొండి రాళ్ళు, గడ్డి తప్ప అక్కడ ఏమీ లేవు. మరి ఎందుకు కొన్నాడు? ఆ దిబ్బకు పార్లమెంటులో రెండు సీట్లున్నాయి. పాతకాలంలో అదొక పట్టణం. జనం వెళ్ళిపోయినా సీట్లు మిగిలిపోయాయి. 1831 నాటికి కూడా దానికి ఓటర్లు 11 మంది, వాళ్ళలో ఒక్కరూ అక్కడ కాపురం ఉండరు. ఎన్నిక రోజు వచ్చి, ఒక చెట్టు కింద నిలబడి, భూమి ఎవరిదో అతను చెప్పిన పేరు చెప్పి వెళ్ళిపోయేవారు. పిట్ మనవడు 1735లో అక్కడి నుంచే పార్లమెంటుకు వెళ్ళాడు, తర్వాత ప్రధానమంత్రి అయ్యాడు. మునిమనవడు కూడా ప్రధానే. పరీక్షల కోసం మీరు బట్టీపట్టే 1784 పిట్స్ ఇండియా చట్టం ఆయన తెచ్చిందే.

ఇక మాంచెస్టరు సంగతి చూడండి. లక్షకు పైగా జనం. ప్రపంచానికి బట్ట నేసిపెట్టే నగరం. దానికి పార్లమెంటులో ఒక్క సీటు కూడా లేదు.

1819 ఆగస్టు 16న ఆ నగరంలో, సెయింట్ పీటర్స్ ఫీల్డ్ అనే మైదానంలో, ఓటు హక్కు కావాలని సభ పెట్టారు. దాదాపు 60,000 మంది వచ్చారని అంచనా. వాళ్ళలో ఎక్కువ మంది ఎవరనుకున్నారు? చేనేతవాళ్ళు. మరమగ్గాలు వచ్చి కూలి పడిపోయి, రోజంతా మగ్గం మీద కూర్చున్నా కడుపు నిండని నేతగాళ్ళు. ఈ కథ మంగళగిరిలోనో చీరాలలోనో చెబితే ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పండక్కి వెళ్ళినట్టు ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, వరసలు కట్టి నడిచి వచ్చారు. ఆడవాళ్ళ సంఘాలు తెల్ల బట్టల్లో వచ్చాయి. ఎవరి చేతుల్లోనూ ఆయుధాలు ఉండకూడదని నాయకులు ముందే గట్టిగా చెప్పారు.

హెన్రీ హంట్ మాట్లాడటం మొదలుపెట్టగానే, పక్క ఇంటి కిటికీలోంచి చూస్తున్న మెజిస్ట్రేట్లు ఆయన్ని అరెస్టు చేయమన్నారు. స్థానిక వ్యాపారులు, మిల్లుల వాళ్ళు చేరిన గుర్రపు దళం కత్తులు దూసి జనంలోకి దూకింది. వెనకే సైన్యం దిగింది. సుమారు 18 మంది చనిపోయారు, వందల మందికి గాయాలు. అందరికంటే ముందు పోయింది విలియం ఫైల్డ్స్, రెండేళ్ళ పిల్లవాడు. మైదానానికి పరుగెడుతున్న గుర్రం తగిలి తల్లి చేతుల్లోంచి కిందపడ్డాడు. గాయాలతో తర్వాత చనిపోయిన జాన్ లీస్, నాలుగేళ్ళ ముందు వాటర్లూలో ఇదే ప్రభుత్వం తరఫున నెపోలియన్ మీద యుద్ధం చేసి ప్రాణాలతో తిరిగొచ్చినవాడు. సెయింట్ పీటర్స్ ఫీల్డ్ పేరును వాటర్లూతో కలిపి ఈ ఘటనను ఎత్తిపొడుపుగా పీటర్లూ అన్నారు.

ప్రభుత్వం మెజిస్ట్రేట్లకు రాజప్రతినిధి తరఫున ధన్యవాదాలు పంపింది. హంట్‌కు రెండున్నరేళ్ళ జైలు. సభల మీద, పత్రికల మీద ఆంక్షలు పెడుతూ ఆ ఏడాది చివరికల్లా ఆరు చట్టాలు వచ్చాయి. ఇన్నేళ్ళ తర్వాత చదువుతున్నా నాకు ఆ ధన్యవాదాల దగ్గర గొంతు పట్టేస్తుంది.

పాఠ్యపుస్తకాల్లో ఈ చరిత్ర ఒక మెట్ల వరసలా ఉంటుంది. ఓటు హక్కును పెంచుతూ చట్టాలు వచ్చిన ఏళ్ళు: 1832, 1867, 1884, 1918, 1928. నేను ముప్పై ఏళ్ళు సోషల్ టీచరుగా అదే వరసలో చెప్పాను. చెబుతున్నప్పుడల్లా ఒకటి బాధపెట్టేది. ఆ మెట్లు పైనుంచి ఎవరో దయతలచి ఒక్కొక్కటిగా కిందికి దించినట్టు ఉంటాయి. నిజానికి ప్రతి మెట్టు కిందా దెబ్బలు తిని, ఓడిపోయి, జైళ్ళకు వెళ్ళిన పేదవాళ్ళు ఉన్నారు. ఇవాళ నేను చెప్పాలనుకున్నది వాళ్ళ గురించే.

1832 చట్టం 56 దిబ్బల్లాంటి నియోజకవర్గాలను పూర్తిగా ఎత్తేసింది. ఓల్డ్ సేరం పోయింది, మాంచెస్టరుకు సీట్లొచ్చాయి. కానీ పట్టణాల్లో ఓటు ఎవరికి ఇచ్చారు? ఏడాదికి పది పౌన్ల విలువ చేసే ఇల్లున్న మగవాడికి. వీధుల్లో ఊరేగి, లాఠీలు తిన్న కార్మికుడికి రాలేదు. పైగా ఓటరు అంటే మగవాడే అని చట్టంలో మొదటిసారి స్పష్టంగా రాశారు. ఆ ఏడాదే మేరీ స్మిత్ అనే ఆవిడ, నేను పన్ను కడుతున్నాను, నాకు ఓటెందుకు లేదని అర్జీ రాసింది. అప్పటికి పార్లమెంటు సభ్యుడైన హంట్ దాన్ని సభలో చదివితే సభ్యులు నవ్వారు.

కొత్త ఓటర్లు ఎన్నుకున్న ఆ పార్లమెంటు 1833లో బానిసత్వ రద్దు చట్టం చేసింది. పరిహారంగా 2 కోట్ల పౌన్లు ఇచ్చింది. బానిసలకు కాదు, యజమానులకు. అదే ఏడాది ఫ్యాక్టరీ చట్టం తొమ్మిదేళ్ళ లోపు పిల్లల్ని బట్టల మిల్లుల్లో పెట్టకూడదంది. మంచి చట్టమే, కానీ దేశమంతటికీ పెట్టిన ఇన్‌స్పెక్టర్లు నలుగురు. మరుసటి ఏడాది పేదల చట్టం వచ్చింది. సాయం కావాలంటే వర్క్‌హౌస్ అనే చోటికి వెళ్ళాలి. అక్కడ మొగుణ్ణి, పెళ్ళాన్ని, పిల్లల్ని విడివిడిగా ఉంచుతారు. తిండి అంతంతమాత్రం. ఆండోవర్ అనే ఊళ్ళో, పొడి చేయమని ఇచ్చిన ఎముకలకు అంటుకున్న మాంసాన్ని ఆకలికి తట్టుకోలేక అక్కడివాళ్ళు గీక్కు తిన్నారని 1845లో బయటపడింది. అదే 1834లో డార్సెట్‌లోని టోల్‌పడిల్ గ్రామంలో ఆరుగురు వ్యవసాయ కూలీలు సంఘం పెట్టుకుని ప్రమాణం చేసినందుకు ఏడేళ్ళ ప్రవాస శిక్ష వేసి ఆస్ట్రేలియా పంపారు. జనం ఊరుకోలేదు. ఊరేగింపులు, అర్జీలు ఆగలేదు. రెండేళ్ళకు క్షమాభిక్ష ఇవ్వక తప్పలేదు.

అప్పుడు కార్మికులకు అర్థమైంది: చట్టాలు చేసే చోట మన మనిషి లేకపోతే ఏ చట్టమూ మనది కాదు. 1838లో ప్రజల చార్టర్ అనే పత్రం వచ్చింది. దాని ముసాయిదాలో ముఖ్యపాత్ర విలియం లవెట్ అనే వడ్రంగిది. కోరికలు ఆరే ఆరు. 21 ఏళ్ళు నిండిన ప్రతి మగవాడికీ ఓటు. రహస్యంగా ఓటేసే పద్ధతి. సభ్యుడు కావడానికి ఆస్తి ఉండాలన్న నిబంధన పోవాలి. సభ్యుడికి జీతం ఇవ్వాలి, లేకపోతే కూలివాడు పని మానుకుని పార్లమెంటులో ఎలా కూర్చుంటాడు? నియోజకవర్గాలు సమానంగా ఉండాలి. ఏటా ఎన్నిక జరగాలి. మొదటి ముసాయిదాలో ఆడవాళ్ళకూ ఓటు ఉంది. దాంతో అసలు ఓటే రాదేమోనని భయపడి తీసేశారు. ఆ రాజీ నన్ను ఇప్పటికీ కలతపెడుతుంది. ఎందుకంటే సంతకాలు పోగుచేయడానికి ఇల్లిల్లూ తిరిగినవాళ్ళలో ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు.

1839లో 12 లక్షలకు పైగా సంతకాలతో మొదటి అర్జీ పెట్టారు. పార్లమెంటు తోసిపుచ్చింది. ఆ నవంబరులో వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో బొగ్గుగనుల, ఇనుప ఫ్యాక్టరీల కార్మికులు తిరగబడితే సైనికులు కాల్చారు, ఇరవై మందికి పైగా చనిపోయారు.

రెండో అర్జీ 1842 మే నెలలో వచ్చింది. 33 లక్షల సంతకాలు. ఇంగ్లండు, వేల్స్, స్కాట్లండు కలిపి జనాభా రెండు కోట్లు కూడా లేని రోజులవి. కాగితాలన్నీ ఒకదానికొకటి అతికిస్తే ఆరు మైళ్ళు దాటింది. పెద్ద చెక్క చట్రం మీద చుట్టి, కార్మికులు వంతులవారీగా భుజాల మీద మోస్తూ లండన్ వీధుల్లో ఊరేగించారు. తీరా పార్లమెంటు దగ్గరికి వస్తే అది గుమ్మంలో పట్టలేదు. విప్పి, ముక్కలు ముక్కలుగా లోపలికి మోసి, సభ మధ్యలో కుప్పగా పోశారు. రాణిగారి సొంత ఖర్చుకు రోజుకు 164 పౌన్ల పైచిలుకు వస్తుంటే, వేల కూలి కుటుంబాల్లో తలకు రోజుకు నాలుగు పెన్నీలు కూడా లేవని ఆ అర్జీలో రాశారు. 240 పెన్నీలు కలిస్తే ఒక పౌను. మిగతా లెక్క మీరే వేసుకోండి.

ఆరోజు సభలో అర్జీకి వ్యతిరేకంగా గట్టిగా మాట్లాడినవారిలో ఒకరు మీకందరికీ తెలుసు. మెకాలే. 1834లో మద్రాసులో ఓడ దిగి, మరుసటి ఏడాది మన చదువుల మీద తన నివేదిక రాసి, తిరిగి వెళ్ళిన మెకాలేనే. అందరికీ ఓటిస్తే ఆస్తి నిలవదు, ఆస్తి నిలవకపోతే నాగరికతే నిలవదని ఆయన వాదం. మన గురించి ఆయన ఏమనుకున్నాడో మనం బాగానే చదువుకున్నాం. తన సొంత దేశపు నేతగాళ్ళ మీద కూడా ఆయనకు నమ్మకం లేదన్నది మనం పెద్దగా చదవలేదు. 287 ఓట్లు వ్యతిరేకం, 49 అనుకూలం. అర్జీ పోయింది.

మూడోది 1848 ఏప్రిల్ 10. ఆ ఏడాది యూరప్ అంతా విప్లవాలు. లండన్‌ను కాపాడటానికి వేల మంది ప్రత్యేక కానిస్టేబుళ్ళను పెట్టారు. కెన్నింగ్టన్ మైదానంలో సభ ప్రశాంతంగా జరిగింది. 57 లక్షల సంతకాలని నాయకులు చెప్పారు. పార్లమెంటు గుమాస్తాలు లెక్కపెట్టి 20 లక్షల కంటే తక్కువేనన్నారు, విక్టోరియా రాణి పేరుతో కూడా దొంగ సంతకం ఉందన్నారు. దేశమంతా నవ్వింది. సంతకం కనబడితే పని పోతుందన్న భయంతో మారుపేర్లు రాసినవాళ్ళు, రాయడం రాక పక్కవాడితో రాయించుకున్నవాళ్ళు అందులో ఎంతమంది ఉంటారో నవ్వినవాళ్ళు ఆలోచించలేదు. అయినా 20 లక్షలు తక్కువా?

ఆ సభ ఏర్పాట్లు చూసినవాళ్ళలో విలియం కఫే అనే దర్జీ ఉన్నాడు. ఐదడుగుల ఎత్తు కూడా లేని నల్లజాతి మనిషి. తండ్రి కరీబియన్ దీవి సెయింట్ కిట్స్‌లో ఒకప్పటి బానిస. లండన్ చార్టిస్టులు, అంటే చార్టర్ కోసం పోరాడినవాళ్ళు, తమ నాయకుల్లో ఒకడిగా అతన్ని ఎన్నుకున్నారు. ఆ వేసవిలో తిరుగుబాటు కుట్ర అని అరెస్టు చేసి, పోలీసు గూఢచారి సాక్ష్యంతో యావజ్జీవ ప్రవాసం వేశారు. అప్పటికి అతనికి అరవై ఏళ్ళు. టాస్మేనియాలో దింపారు. కొన్నేళ్ళకు క్షమాభిక్ష వచ్చినా తిరిగి వెళ్ళలేదు. అక్కడే బట్టలు కుడుతూ, కూలీల హక్కుల కోసం సభల్లో మాట్లాడుతూ ఉండిపోయాడు. 1870లో నిరుపేదగా చనిపోయాడు.

రెండేళ్ళకు, 1872లో, రహస్య బ్యాలెట్ చట్టం వచ్చింది.

అంతకుముందు ఓటెలా వేసేవారో తెలిస్తే దీని విలువ అర్థమవుతుంది. ఓటరు అందరి ముందూ వేదిక దగ్గరికి వెళ్ళి పేరు పైకి చెప్పాలి. గుమాస్తా రాసుకుంటాడు. ఎవరు ఎవరికి వేశారో ఆ జాబితాలు అచ్చువేసి అమ్మేవారు కూడా. 1868 ఎన్నికల్లో భూస్వామి చెప్పిన మనిషికి వేయనందుకు వేల్స్‌లో కౌలుదార్లను పొలాల నుంచి వెళ్ళగొట్టారు. 1872 ఆగస్టు 15న పాంటిఫ్రాక్ట్ పట్టణంలో జరిగిన ఉపఎన్నికలో మొదటిసారి మనుషులు చాటుగా కాగితం మీద గుర్తు పెట్టి పెట్టెలో వేశారు. ఆ ఊళ్ళో అతిమధురంతో చేసే మిఠాయి బిళ్ళలకు పేరు. వాటి మీద వేసే ముద్రనే లక్క మీద నొక్కి పెట్టెకు సీలు వేశారు. ఆ పెట్టె ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఉంది. ఈవీఎంలు రాకముందు నేనూ ఎన్నికల డ్యూటీలో స్కూలు గదిలో కొవ్వొత్తి వెలుగులో లక్క కరిగించి పెట్టెలకు సీళ్ళు వేశాను. చేయి ఎక్కడ వణుకుతుందోనని ఒకటే టెన్షన్. ఆ పని ఎన్ని జీవితాల మీదుగా నా చేతికి వచ్చిందో అప్పట్లో నాకు తెలియదు.

సభ్యుడు కావడానికి ఆస్తి ఉండాలన్న నిబంధన 1858లోనే పోయింది. సభ్యులకు ఏడాదికి 400 పౌన్ల జీతం 1911లో వచ్చింది. 1918 దాకా మగవాళ్ళలోనే దాదాపు నూటికి నలభై మందికి ఓటు లేదు. ప్రపంచయుద్ధంలో లక్షల మంది చచ్చిపోయాక, బతికి వచ్చినవాడికి ఓటు లేదనడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాలేదు. ఆడవాళ్ళకు ఆ ఏడాది ముప్పై ఏళ్ళు దాటితే, అదీ ఆస్తి షరతుతో ఇచ్చారు. దానికే జైళ్ళలో నిరాహారదీక్షలు, గొంతులో గొట్టం పెట్టి బలవంతపు తిండి, 1913లో గుర్రప్పందెంలో రాజుగారి గుర్రానికి అడ్డం వెళ్ళి చనిపోయిన ఎమిలీ డేవిసన్. మగవాళ్ళతో సమానంగా 21 ఏళ్ళకు ఓటు వచ్చింది 1928లో. చార్టర్‌లోని ఆరు కోరికల్లో ఏటా ఎన్నిక అన్నది తప్ప మిగతా ఐదూ ఇవాళ బ్రిటన్‌లో చట్టాలు. అవన్నీ నెరవేరేసరికి అడిగినవాళ్ళలో దాదాపు ఎవరూ మిగల్లేదు.

చివరగా ఒక్క విషయం. 1928 తర్వాత కూడా అక్కడ కొందరికి రెండు ఓట్లుండేవి. వ్యాపారం ఉన్నవాడికి ఇంటి దగ్గరొకటి, దుకాణం దగ్గరొకటి. కొన్ని యూనివర్సిటీల పట్టభద్రులకు అదనంగా ఇంకొకటి. 1948లో చట్టం చేసి ఆ అదనపు ఓట్లు తీసేశారు. మనిషికి ఒక్క ఓటు పద్ధతిలో బ్రిటన్ మొదటి సార్వత్రిక ఎన్నిక 1950 ఫిబ్రవరి 23న జరిగింది. మన రాజ్యాంగం అమల్లోకి వచ్చి, ప్రతి వయోజనుడికీ ఓటు ఖాయమై అప్పటికి నెల కూడా కాలేదు.

మన మొదటి ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది, పెట్టె మీద గుర్తు అతికించేవారు. మా నాయనమ్మకు చదువు రాదు, సెంటు పొలం లేదు. ఎద్దులబండి మీద పక్క ఊరికి వెళ్ళి ఓటేసి వచ్చిందట. వేలి మీద సిరా చుక్కను ఊరంతా చూపించింది. ఏ పెట్టెలో వేసిందో మాత్రం మా తాతయ్యకు కూడా చెప్పలేదు.

ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ నమస్కారం.