కొత్త ఇంట్లో మొదటి ఖర్చు దేనికి?

శ్రోతలందరికీ నమస్కారం. ఈమధ్యే కొత్త ఇంట్లోకి మారినవాళ్లు, త్వరలో మారబోతున్నవాళ్లు మీలో చాలామందే ఉండి ఉంటారు. అట్టపెట్టెలు ఇంకా సగం విప్పకుండానే మనసులో లెక్కలు మొదలైపోతాయి కదా, ఈ గోడకి ఫలానా రంగు, ఆ మూలకి ఒక అలమర, వంటింట్లో ఈ టైల్స్ తీసేసి వేరేవి, పడగ్గదిలో ఇంకో రెండు లైట్లు. చేతిలో ఉన్నదంతా ఇంటికీ, సామాన్ల తరలింపుకీ అయిపోయిన సమయంలోనే ఈ కోరికలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. మిగిలిన ఆ కాస్త డబ్బునీ ఏ వరసలో ఖర్చు పెట్టుకుంటే అదే పనికి మళ్లీ రెండోసారి పెట్టాల్సిన అవసరం రాదో, ఇవాళ అదే మాట్లాడుకుందాం.

మా ఇంట్లో జరిగినదాంతోనే మొదలుపెడతాను. మేం ఇల్లు మారిన పదో రోజుకే హాలుకి రంగులు వేయించాం. పుట్టీ పెట్టించి, ప్రైమర్ కొట్టించి, మంచి రంగు రెండు కోట్లు వేయించాం. చూసినవాళ్లంతా బాగుందన్నారు. మూడు నెలలు తిరిగేసరికి సోఫా వెనక గోడ మీద, నేల నుంచి జానెడు ఎత్తులో, రంగు చిన్న చిన్న బొబ్బల్లా ఉబ్బింది. వేలితో నొక్కితే లోపలి నుంచి పిండిలా తెల్లటి పొడి రాలింది. అది ఉప్పు. గోడలోకి చేరిన నీళ్లు ఇటుకలోనూ సిమెంటులోనూ ఉండే లవణాలని కరిగించి బయటివైపుకి తెస్తాయి, నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు అక్కడే పేరుకుని రంగుని వెనక నుంచి తోసేస్తుంది. ఆ గోడకి అవతల ఉన్నది బాత్‌రూం. షవర్ కింద మూలలో, టైల్స్ సందుల్లో నింపిన గ్రౌటింగ్ వెంట్రుక మందాన విడిపోయి ఉంది. రోజూ స్నానం చేసినప్పుడల్లా కాసిని నీళ్లు ఆ సందులోంచి గోడలోకి దిగుతున్నాయన్నమాట. ఆ సందు గీకి మళ్లీ నింపడానికి మేస్త్రీకి ఒక్క పూట పట్టింది, అయిన ఖర్చు రంగులకి పెట్టినదాంట్లో పదో వంతు కూడా లేదు. కానీ గోడ ఆరేదాకా రెండు నెలలు ఆగి, పెచ్చులు గీకించి, ఆ గోడ మొత్తానికి పుట్టీ దగ్గర్నుంచి మళ్లీ మొదలు. ముందే ఆ మూల వంగి చూసి ఉంటే ఆ రెండో ఖర్చు ఉండేదే కాదు.

అప్పట్నుంచి ఏ పని ముందు పెట్టుకోవాలన్నా నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఇది ఆరు నెలలు ఆగితే ఇంకా పాడవుతుందా, లేక ఇలాగే ఉంటుందా? నచ్చని టైల్స్ ఆరు నెలల తర్వాత కూడా అంతే నచ్చకుండా ఉంటాయి, అంతకు మించి ఏమీ కాదు. స్లాబ్ మీద పగులు అలా కాదు. ఈ వానకి ఒక చుక్క, వచ్చే వానకి ఒక ధార, ఆ తర్వాత లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బడం, పెచ్చులు ఊడిపడటం. ఆగితే పెరిగే ఖర్చులు ఒకవైపు, ఆగినా పెరగనివి ఇంకోవైపు రాసుకుంటే జాబితా దానంతటదే సగానికి తగ్గిపోతుంది. నా అనుభవంలో మొదటివైపు వచ్చేవి ఎక్కువగా నీళ్లవి, కరెంటువి.

నీళ్ల సంగతి తెలుసుకోవడానికి పెద్దగా ఖర్చు కూడా ఉండదు. టాయిలెట్ ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు కలిపి ఇరవై నిమిషాల పాటు ఎవరూ ఫ్లష్ చేయకుండా చూసుకోండి. కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి వాల్వ్ కారుతున్నట్టే, సాధారణంగా అది ఒక రబ్బరు ముక్క మార్చడంతో పోయే పని. సింకు కింద పైపుల కీళ్ల చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి రాత్రంతా వదిలేస్తే ఎక్కడ తడిసిందో పొద్దున్నే తెలిసిపోతుంది. ఇక చుక్కచుక్కగా కారే కుళాయి సంగతి, అందరం దాన్ని తేలిగ్గా తీసుకుంటాం, సెకనుకి ఒక చుక్క చొప్పున పడితే రోజుకి 86,400 చుక్కలు, లీటరుకి 4,000 చుక్కలని లెక్క వేసుకున్నా రోజుకి 20 లీటర్ల పైమాటే. ఇంత నీటిని ఆపడానికి మామూలు కుళాయికైతే ఒక వాషర్ సరిపోతుంది. కుళాయిలో నీళ్లు సన్నగా వస్తుంటే ప్లంబర్‌కి ఫోన్ చేసేముందు దాని మూతి దగ్గరుండే జల్లెడలాంటి చిన్న బిళ్లని తిప్పి తీసి చూడండి. ఉప్పునీళ్ల గార పట్టి మూసుకుపోయి ఉంటే వెనిగర్‌లో గంటసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు.

గోడ మీద చెమ్మ మచ్చ కనిపించినప్పుడు అది లోపల్నుంచి వస్తోందా, గదిలో గాలి తేమ వల్ల వచ్చిందా అన్నది తేల్చుకోకుండా ఎవరు చెప్పినా పని మొదలుపెట్టకండి. రెండు అరచేతులంత పాలిథిన్ ముక్కని గోడకి నాలుగు పక్కలా గాలి దూరకుండా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. గోడవైపున నీటి బిందువులు కనిపిస్తే చెమ్మ గోడలోంచే వస్తోంది, ఆ నీళ్లు ఎక్కడివో వెతకాలి. గదివైపు మాత్రమే తడిగా ఉంటే అది గాలిలోని తేమ, దానికి కిటికీలు తెరిచి ఉంచడమో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించుకోవడమో చాలు. కనీసం గోడ పగలగొట్టాల్సిన పని తప్పుతుంది. ఇక పగుళ్లు. పగులు రెండు చివర్లలో పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి పక్కనే తేదీ వేయండి. నెలలు గడిచినా గీత దాటకపోతే అది చాలావరకు పైపూత పగులే, పుట్టీతో పోతుంది. గీత దాటి సాగుతున్నా, పగులు వెడల్పవుతున్నా, తలుపులూ కిటికీలూ బిగుసుకుపోవడం మొదలైనా స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించాల్సిందే. అక్కడ మాత్రం ఖర్చుకి వెనకాడొద్దు.

కరెంటు విషయంలో నాకు ఇంకా పట్టుదల ఎక్కువ. స్విచ్‌బోర్డు వేడెక్కడం, ప్లగ్ పెట్టగానే చిటపటమనడం, ఎక్కడి నుంచో కాలిన వాసన, ఇవి ఏ జాబితాలోనూ రెండో స్థానంలో ఉండకూడదు. మెయిన్ బోర్డులో, కరెంటు లీకైనప్పుడు మనకి ప్రమాదం జరక్కముందే పడిపోయే స్విచ్ ఒకటి ఉంటుంది, ఇళ్లలో పెట్టేది సాధారణంగా 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే పడిపోతుంది. దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే టక్కుమని పడాలి. పడకపోయినా, అసలు అలాంటిదే లేకపోయినా, అలమర సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, అదే రాకలో ఎర్తింగ్ కూడా చూపించుకోండి. కొత్త ప్లగ్ పాయింట్లు ఎక్కడెక్కడ కావాలో రంగులకన్నా ముందే తేల్చుకోండి, ఎందుకంటే పైపులు గోడలో దాచాలంటే గోడ కొట్టాలి, రంగులు వేసిన గోడ కొట్టించడం ఎంత బాధో పడ్డవాళ్లకే తెలుసు.

ఈ రెండూ అయ్యాక మాత్రం, పెద్ద పనులు ఏవీ పెట్టుకోకుండా కనీసం మూడు నెలలు ఆ ఇంట్లో ఉండి చూడమంటాను. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడగలిగితే మరీ మంచిది. వంటింట్లో ఒక నోటుబుక్ పెట్టుకుని, ఎవరికి ఏది ఇబ్బంది అనిపించినా తేదీ వేసి ఒక్క ముక్క రాయాలని మా ఇంట్లో నియమం పెట్టుకున్నాం. మొదట్లో నాకు వంటగట్టు మొత్తం పగలగొట్టి పెద్దది కట్టించాలని గట్టిగా ఉండేది. మూడు నెలల తర్వాత పుస్తకం తిరగేస్తే గట్టు చిన్నదని రాసుకున్నది ఒకే ఒక్కసారి. తొమ్మిదిసార్లు రాసింది వేరే విషయం, కత్తిపీట దగ్గర నీడ పడుతోందని. లైటు వెనక ఉండటంతో పని చేసేవాళ్ల నీడ సరిగ్గా చేతుల మీదే పడుతోంది. పై అలమర అడుగున ఒక సన్నటి ఎల్‌ఈడీ పట్టీ బిగించాం, అంతే, గట్టు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. లైట్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, తక్కువ ఖర్చులో ఇంటి ముఖం మార్చేది ఇదే. పాత 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుతురుని 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. కొనేటప్పుడు డబ్బా మీద కెల్విన్ అంకె చూడండి, 2700 నుంచి 3000 మధ్య ఉంటే పసుపు ఛాయతో పడగ్గదికి హాయిగా ఉంటుంది, 4000 దాటితే తెల్లగా పనిచేసుకునే చోటికి బాగుంటుంది.

రంగులు ఎంత కావాలో షాపువాళ్లు చెప్పే అందాజాని నమ్ముకోకుండా మీరే లెక్క వేసుకోండి, కష్టమేం కాదు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గది అనుకుందాం. నాలుగు గోడల పొడవు కలిపితే 14, ఎత్తుతో హెచ్చవేస్తే 42 చదరపు మీటర్లు. తలుపుకీ కిటికీకీ కలిపి ఒక 4 తీసేస్తే 38. రెండు కోట్లంటే 76. మామూలుగా ఒక లీటరు రంగు ఒక కోటుకి 10 చదరపు మీటర్ల దాకా వస్తుంది కాబట్టి 8 లీటర్లు సరిపోతాయి. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడైతే రంగు వేయడానికి నాలుగు వారాలైనా ఆగాలి. ఇల్లు బాగా పాతదైతే ఇంకో మాట, పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, పొడిగా ఉప్పుకాగితంతో రుద్దితే ఆ ధూళి పిల్లలకి చాలా ప్రమాదం. అనుమానం ఉంటే ముందు పరీక్ష చేయించండి, అప్పటిదాకా గీకించడం, రుద్దించడం వద్దు.

కొన్ని పనులు మన చేత్తో అయిపోతాయి. తలుపు కిందకి జారి నేలకి రాసుకుంటోందనుకోండి, చాలాసార్లు తలుపు తప్పేం ఉండదు, పై బందు స్క్రూ రంధ్రం వదులై ఉంటుంది. స్క్రూ తీసి, ఆ రంధ్రంలో మందు తీసేసిన రెండు మూడు అగ్గిపుల్లలు చెక్క జిగురు పూసి దూర్చి, ఆరాక పైకి తేలిన ముక్క కోసేసి స్క్రూ మళ్లీ బిగిస్తే గట్టిగా పట్టుకుంటుంది. కొత్త సోఫా, మంచం కొనాలనుకున్నప్పుడు పాత పేపర్లు అంటించి ఆ కొలతకి నేల మీద పరిచి రెండు రోజులు దాని చుట్టూ తిరగండి, తలుపు రెక్క తగులుతోందా, నడవడానికి దారి ఉందా అన్నది షోరూంలో తెలియదు. గుమ్మాల వెడల్పు, మెట్ల మలుపు కొలిచి ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

పనివాళ్లతో పెట్టుకునే పనులకి ఒకరిని కాదు, ముగ్గురిని అడగండి. కూలి వేరుగా, మెటీరియల్ వేరుగా, ఏ పని వస్తుందో ఏది రాదో కాగితం మీద రాయించుకోండి, మాట మీద నడిచిన పనుల్లోనే గొడవలు ఎక్కువ. డబ్బు పని జరిగినకొద్దీ ఇస్తూ చివరి కొంత భాగం మీరు అన్నీ చూసుకున్నాకే ఇవ్వండి. అనుకున్న బడ్జెట్‌లో 15 శాతమైనా ముట్టుకోకుండా పక్కన పెట్టండి, గోడ విప్పితే లోపల ఏం బయటపడుతుందో మేస్త్రీకి కూడా తెలియదు. పొదుపు ఎక్కడ చేయాలంటే, తర్వాత సులువుగా మార్చుకోగలిగిన వాటి దగ్గర చేయండి, కర్టెన్లు, హ్యాండిళ్లు, లైటు బుడ్లు. గోడలో పూడ్చేసే పైపు, వైరు, బాత్‌రూం నేల కింద వేసే వాటర్‌ప్రూఫింగ్ దగ్గర మాత్రం పొదుపు చేయకండి, వాటిని మళ్లీ చూడాలంటే పైనున్నదంతా పగలగొట్టాలి. మిగిలిన టైల్స్ ఓ పది దాచండి, రంగు డబ్బా మీది కోడ్ నంబరు ఫోటో తీసుకోండి. అద్దె ఇల్లయితే ఇవన్నీ ఓనర్‌తో మాట్లాడాకే, మీ డబ్బు మాత్రం మీతో పాటు తీసుకుపోగలిగిన వాటికే పెట్టండి.

చివరిగా ఒక్క పరీక్ష, ఇవాళ రాత్రికే చేయదగ్గది. అందరూ పడుకోబోయే ముందు ఇంట్లో కుళాయిలన్నీ గట్టిగా కట్టేసి, నీళ్ల మీటరు దగ్గరకి టార్చ్ పట్టుకుని వెళ్లి, ఎర్ర అంకెలతో సహా ఉన్నది ఉన్నట్టు ఫోటో తీయండి. మీటరు లేకపోతే పైన ట్యాంకు మూత తీసి, నీటి మట్టం దగ్గర సుద్దముక్కతో గీత పెట్టండి. రాత్రి ఎవరూ నీళ్లు వాడకుండా చూసుకోండి, ట్యాంకులోకి నీళ్లు ఎక్కకుండా కూడా. పొద్దున్నే పళ్లు తోముకోకముందే వెళ్లి చూడండి. అంకె కదిలిందంటే, గీత కన్నా నీళ్లు కిందికి దిగాయంటే, మీ ఇంటి మొదటి ఖర్చు ఎక్కడో దొరికినట్టే. నమస్కారం.