బెత్తం పోయింది, వెటకారం మిగిలింది

అధ్యక్షులకు, ఆదోని డివిజన్ నలుమూలల నుండి వచ్చిన తోటి ఉపాధ్యాయులకు నమస్కారం.

‘భావోద్వేగ ప్రజ్ఞ’ అన్న మాట మన శిక్షణ తరగతుల్లో ఎంత అరిగిపోయిందంటే, అది వినగానే సగం మంది గడియారం వంక చూస్తారు. వారిని నేను తప్పుపట్టను. అయితే 1990లో ఈ భావనను వివరించిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు పీటర్ సలోవే, జాన్ మేయర్ చెప్పింది, మనం సాధారణంగా అనుకునే ఓర్పు గురించి కాదు. తనలోనూ ఎదుటివారిలోనూ కలిగే భావాలను గమనించి, వాటి మధ్య తేడాను గుర్తించి, ఆ ఎరుకతో తన ఆలోచననూ నడతనూ దిద్దుకోగల శక్తి గురించి. కోపాన్ని మింగడం వేరు, అది ఎవరి మీదిదో తెలిసి ఉండడం వేరు.

కోసిగి, పెద్దకడుబూరు వంటి మన పడమటి మండలాల్లో పత్తి తీతకూ మిరప కోతకూ గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే కుటుంబాల సంగతి మీకు చెప్పనక్కరలేదు. కొన్నేళ్ల క్రితం ఒక మార్చి నెలలో నేను ఏడవ తరగతి హాజరు పిలుస్తుండగా, రెండు నెలలుగా గైర్హాజరు గుర్తులతో నిండిన ఒక వరుస దగ్గర ‘ప్రెజెంట్ సార్’ అని గొంతు వినబడింది. తలెత్తి, “ఏమి నాయనా, బడికి దారి జ్ఞాపకం వచ్చిందా?” అన్నాను. తరగతి గొల్లుమంది. వాడూ నవ్వాడు. “సుగ్గికి పోయింటిమి సార్” అంటూ మిరప ఘాటుకు పొట్టు లేచిన వేళ్లను నిక్కరు జేబులోకి దోపుకున్నాడు. వాడు తేలికగా తీసుకున్నాడనుకున్నాను. మరునాటి నుండి రాలేదు. నాలుగో రోజు వాళ్ల అవ్వ వచ్చి, “కొట్టింటే కూడా వచ్చేటోడు సార్, అందరూ నగినారంట” అంది.

ఆ ఉదయం జరిగింది తర్వాత నెమరువేసుకున్నాను. బడికి బయలుదేరే ముందే, పంపిన పత్రాలు సరిగా లేవని పై అధికారి ఒకరు ఫోనులో నన్ను నలుగురు వింటుండగా మందలించారు. అత్త మీద కోపం దుత్త మీద చూపాను. నిజానికి అది కోపం కూడా కాదు. మన భాషలో కోపం, చిరాకు, విసుగు, కినుక, ఉక్రోషం వేర్వేరు మాటలు. అవమానపడి బదులు చెప్పలేని చోట పుట్టేది ఉక్రోషం. దాని పేరు నాకు తరగతి గుమ్మం దగ్గరే తట్టి ఉంటే వాక్యం నోటిదాకా వచ్చి ఆగేదేమో. ఇది నా ఊహ మాత్రమే కాదు: ఫొటోల్లోని ముఖాల్లో కనబడే భావానికి మాటలతో పేరు పెట్టినప్పుడు మెదడులో భయానికీ బెదురుకూ స్పందించే అమిగ్డలా అనే భాగం ఉద్ధృతి తగ్గుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన చూపింది.

2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. మనం మొదటిదాన్నే చదువుకున్నట్లున్నాం. బెత్తం వాత తేలుస్తుంది కనుక దాన్ని అటక ఎక్కించాం; వెటకారానికి వాత కనబడదు, పైగా దానికి తరగతి నవ్వు బహుమానం.

ఇంకొక చిన్న మాట. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను పాటే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు నిడుపవుతాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే గమనించారు. ఇంట్లో కన్నడం మాట్లాడి బడిలో తెలుగులో జవాబు వెతుక్కునే మన సరిహద్దు పిల్లలకు ఆ రెండు సెకన్లు ఎంత అవసరమో చూడండి. మన అసహనం ఆ రెండు సెకన్లలోనే బయటపడుతుంది.

ఒకే టీచరు ఐదు తరగతులు చూసే బడిలో ఇదంతా ఎక్కడ కుదురుతుందని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ వెటకారమాడడానికి నాకు ఆ రోజు తీరిక దొరికింది కదా.

నేను వాడి ఇంటికి వెళ్లాను. తరగతిలో అన్న మాట తప్పని, తరగతిలోనే ఒప్పుకుంటానని చెప్పి, మరునాడు అలాగే చేశాను. తర్వాత, గుంటూరులో కూలి ఎట్ల కట్టినారని అడిగాను. పత్తికి కిలోకు ఇంత, మిరపకు రోజుకు ఇంత, మేస్త్రీకి పోయేది ఇంత అంటూ వాడు బల్ల మీద వేలితో రాస్తూ, నేను నల్లబల్ల మీద కూడిక వేసే లోపలే మొత్తం చెప్పేశాడు. ఈసారి జేబులో చేయి పెట్టుకోలేదు.