13.09 లెక్కలోకి రాలేదు: మన విశాఖ జ్యోతి యర్రాజి రేసుల రివ్యూ

నమస్తే అండీ. వెనకాల గాలి హోరు వినబడుతుంటే ఏమీ అనుకోకండి, ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడికి కాస్త ఇవతల రోడ్డు మీద నిలబడి తీస్తున్నాను. తెల్లవారుజామున ఇక్కడ బండ్లు ఉండవు, మనకి కావలసినంత జాగా. ఈ ఛానల్‌లో మామూలుగా రన్నింగ్ షూస్, గ్రౌండ్‌లు, స్టాప్‌వాచ్‌లు రివ్యూ చేస్తుంటాను కదా, ఈసారి జ్యోతి యర్రాజి రేసులు చేద్దామనుకున్నాను. 2020 నుంచి 2025 దాకా ఆవిడ పరిగెత్తిన 100 మీటర్ల హర్డిల్స్‌లో కొన్ని. జ్యోతక్క అనే అంటాను, నేనెవరో ఆవిడకి తెలియదు గానీ మా ఊరి ఆడపిల్ల, నాకన్నా పెద్దది, ఇంకేమనాలి.

ఎందుకీ వీడియో అంటే, పోయినేడాది ఒక ఉద్యోగానికి రాతపరీక్ష పాసయ్యి, ఫిజికల్ టెస్ట్‌లో వంద మీటర్ల పరుగు దగ్గర పోయాను. ఎంత తేడాతో అంటే సెకనులో రెండు పదో వంతులు. ఇంటికొచ్చి అమ్మకి పదిసార్లు చెప్పాను, ట్రాక్ తడిగా ఉంది, ఎదురుగాలి కొట్టింది, విజిల్ సరిగ్గా వినబడలేదు అని. అన్నీ నిజాలే, ఒక్కటీ అబద్ధం చెప్పలేదు. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ మొత్తం విని, "నిజమేనే, మరి రేపు గ్రౌండ్‌కి వెళ్తావా, బాక్సు కట్టనా?" అంది. వెళ్ళలేదు. నాలుగు నెలలు వెళ్ళలేదు. షూస్ మంచం కిందకి తోసేశాను, ఆ వైపు చూడాలంటేనే అదోలా ఉండేది.

ఆ రోజుల్లో మా వీధిలో ఉండే పీఈటీ సార్ ఒకాయన, రిటైరయ్యారు, ఫోన్‌లో ఒక రేసు పెట్టి నా చేతికిచ్చి "మన పోర్ట్ హైస్కూల్ పిల్లమ్మా, చూడు" అన్నారు. అంతే, ఇంకేం చెప్పలేదు. ఆ ఒక్క రేసు నుంచి వెనక్కి, ముందుకి వెతుక్కుంటూ పోయాను. అలా చూసినవాటి గురించే ఇప్పుడు చెప్పేది.

ముందు హర్డిల్స్ అంటే ఏంటో కళ్ళకి కట్టాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. తమ్ముడూ, కెమెరా కొంచెం కిందకి దించు. ఇదిగో, ఈ సుద్దముక్క గీత మొదటి హర్డిల్ అనుకోండి. ఇక్కణ్ణుంచి రెండో హర్డిల్‌కి 8.5 మీటర్లు, ఆ రెండో గీత కనబడుతోంది కదా, అది. ఈ మధ్య దూరాన్ని మా తమ్ముడు మామూలుగా నడిస్తే పన్నెండు అడుగులు పట్టింది. జ్యోతక్క హర్డిల్ దాటి కాలు కింద పెట్టాక మూడే మూడు అడుగులేసి తర్వాతి హర్డిల్ మీదకి లేస్తుంది. ఎత్తు 84 సెంటీమీటర్లకి ఒక పిసరు తక్కువ. నిన్న రాత్రి టేపు పెట్టి కొలిస్తే మా ఇంట్లో వంటగట్టు ఇంచుమించు అంతే వచ్చింది. స్టవ్వు పెట్టుకునే గట్టు అండీ! అలాంటివి పది, ఒకదాని వెనక ఒకటి, మధ్యలో మూడేసి అడుగులు, మొత్తం పదమూడు సెకన్లలో అయిపోవాలి. హర్డిల్ తగిలి పడిపోతే రేసు పోతుందని చాలామంది అనుకుంటారు, మామూలుగా అయితే పోదు, కావాలని తోస్తే తప్పు. కానీ తగిలిందంటే ఆ మూడు అడుగుల లెక్క చెడుతుంది, లెక్క చెడితే పక్క లేన్ వాళ్ళు వెళ్ళిపోతారు.

ఇప్పుడు రేసులు. మొదటిది 2020 జనవరి, కర్ణాటకలో మూడబిదిరి, ఆలిండియా యూనివర్సిటీల మీట్. 13.03 సెకన్లు. అప్పటికి మన దేశం రికార్డు 13.38, ఒడిశా అథ్లెట్ అనురాధా బిస్వాల్ 2002లో పెట్టినది. అంటే పద్దెనిమిదేళ్ళ రికార్డుని కాలేజీ పిల్ల సెకనులో మూడో వంతుకి పైగా తేడాతో దాటేసింది, హర్డిల్స్‌లో అది చాలా పెద్ద తేడా. దాన్ని రికార్డుగా రాయలేదు. రికార్డుకి కావలసిన డోప్ టెస్ట్ అక్కడ జరగలేదు కాబట్టి. ఆవిడ పరుగులో లోపం ఏమీ లేదు, అయినా పుస్తకంలోకి ఎక్కలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు మనందరికీ తెలిసినవే, కోవిడ్, లాక్‌డౌన్లు, గ్రౌండ్‌లకి తాళాలు. ఆవిడ చేతిలో ఉన్నది లెక్కలోకి రాని ఒక 13.03. నేను ఈ వీడియో మొత్తంలో ఎక్కువ ఆలోచించింది ఆ రెండేళ్ళ గురించే, ఎందుకంటే వాటికి వీడియో లేదు. ఎవరూ తీయలేదు. తాళాలు తీసిన రోజుల్లో పొద్దున లేచి హర్డిల్స్ మోసుకొచ్చి వరసగా పెట్టుకోవడం, దాటడం, మళ్ళీ మోసుకెళ్ళి లోపల పెట్టడం, ఇలాగే గడిచి ఉంటాయని నా ఊహ. ఎవరి గురించైనా "ఎంత ధైర్యం ఆవిడది" అని మనం అన్నప్పుడు మెడల్ వేసుకున్న ఫొటోనే గుర్తొస్తుంది. నాకు మాత్రం ఇప్పుడు జ్యోతక్క అంటే ఆ కనబడని రెండేళ్ళు గుర్తొస్తాయి.

రెండో రేసు 2022 ఏప్రిల్, కోజికోడ్, ఫెడరేషన్ కప్. 13.09. మళ్ళీ రికార్డు కన్నా వేగం, మళ్ళీ లెక్కలోకి రాలేదు. ఈసారి కారణం గాలి. వెనక నుంచి వీచే గాలి సెకనుకి 2 మీటర్లు దాటితే ఆ టైమ్‌ని రికార్డుగా తీసుకోరు. ఆ రోజు మీటర్‌లో 2.1 వచ్చింది. నేను కూర్చుని లెక్క కట్టాను, సెకనుకి 2 మీటర్లంటే గంటకి 7.2 కిలోమీటర్లు, సైకిల్ కూడా అంతకన్నా జోరుగా పోతుంది. ఆ పైన ఎక్కువైంది గంటకి మూడో వంతు కిలోమీటరు కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఇదిగో నా చున్నీ చూడండి, ఎలా ఎగురుతోందో, మన బీచ్ గాలి ముందు అదో గాలేనా? ఇక్కడ నిలబడ్డ మనిషికి 2.0కీ 2.1కీ తేడా ఒంటికి తెలియనే తెలియదు. మీటర్‌కి మాత్రం తెలుస్తుంది. రూలు రూలే, ఆ రూలు తప్పని నేను అనను, అది లేకపోతే గాలివాటంగా రికార్డులు పుట్టుకొస్తాయి. కానీ రెండోసారి కూడా అలా జరిగితే మనిషికి ఎలా ఉంటుందో, రెండు పదో వంతుల దగ్గర నాలుగు నెలలు మంచం దిగని నాకు బాగా తెలుసు.

మూడోది, సార్ నాకు చూపించినది ఇదే. 2022 మే 10, సైప్రస్‌లో లిమసోల్ ఊరు. కోజికోడ్ అయ్యి నెల దాటిందంతే. 13.23. గమనించారా, ముందు రెండింటికన్నా ఇది నెమ్మది. గాలి మైనస్ 0.1, అంటే కొద్దిగా ఎదురుగాలి. అదే రికార్డు అయ్యింది. ఇరవయ్యేళ్ళ రికార్డు పోయింది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఇది అర్థంకాక ఆపి ఆపి చూశాను. అంతకుముందు రెండుసార్లు ఇంతకన్నా బాగా పరిగెత్తిన మనిషి, 13.23 బోర్డు మీద పడినప్పుడు ఏమనుకుని ఉంటుంది? ఆవిడ ఏమనుకుందో నేను చెప్పలేను. ఆ తర్వాత ఏం చేసిందో మాత్రం రికార్డుల్లో ఉంది, అదే నెలలో ఇంగ్లండ్‌లో 13.11, నెదర్లాండ్స్‌లో 13.04, అక్టోబర్‌లో బెంగళూరులో 12.82. మన దేశంలో ఒక ఆడపిల్ల 13 సెకన్ల లోపు పరిగెత్తడం, గాలి లెక్క కూడా సరిపోయి, అదే మొదలు.

ఇక్కడ కొంచెం కోపంగానే ఒక మాట చెప్పాలి. జ్యోతక్క మీద వచ్చే వీడియోలు చాలా చూశాను, సగానికి సగం ఒకటే కథ. నాన్నగారు సెక్యూరిటీ గార్డు, అమ్మగారు ఇళ్ళల్లో పని, హాస్పిటల్లో క్లీనింగ్ పని, వెనకాల ఏడుపు మ్యూజిక్, ఆఖర్లో మెడల్. ఆ తల్లిదండ్రుల కష్టం నిజం, వాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాలి. కానీ పేదరికం దగ్గర మొదలుపెట్టి టక్కున పోడియం దగ్గర తేల్చేస్తే మధ్యలో ఆవిడ చేసిన పని ఏదీ? హైదరాబాద్ హాస్టల్, గుంటూరు, భువనేశ్వర్, మారిన కోచ్‌లు, మార్చుకున్న టెక్నిక్, ఇవేవీ చెప్పరు. కష్టాల్లో పుట్టింది కాబట్టి గెలిచింది అన్నట్టు ఉంటుంది. మా వీధిలోనే సెక్యూరిటీ గార్డుల పిల్లలు పదిమంది ఉన్నారండీ, వాళ్ళకి కావలసింది ఆ మధ్యలో సంగతులే.

సరే, నాలుగోది హాంగ్‌జౌ. 2023 అక్టోబర్ 1, ఏషియన్ గేమ్స్ ఫైనల్. ఒక్కటే చూసే టైమ్ ఉందంటే ఇది చూడండి. పక్క లేన్‌లో చైనా అమ్మాయి వూ యాన్నీ తుపాకీ పేలకముందే కదిలింది, ఆ కదలికకి జ్యోతక్క కూడా కదిలింది. అధికారులు ముందు ఇద్దరినీ తప్పించబోయారు. ఇక్కడ చూడాలి మీరు. చుట్టూ చైనా స్టేడియం, ఎదురుగా వాళ్ళ దేశపు అమ్మాయి, భాష రాదు, నిమిషాల్లో రేసు. మన మనిషి తల దించుకుని వెళ్ళిపోలేదు, రీప్లే చూసి, ముందు కదిలింది నేను కాదు అని నిలబడి మాట్లాడింది. చివరికి ఇద్దరినీ పరిగెత్తమన్నారు, నిర్ణయం తర్వాత అన్నారు. అంత గొడవ అయ్యాక మళ్ళీ బ్లాక్స్‌లో కూర్చుని పది హర్డిల్స్ దాటి 12.91, మూడో స్థానం. తర్వాత వూ యాన్నీని తప్పించడంతో సిల్వర్ వచ్చింది. గోల్డ్ 12.74తో లిన్ యూవే తీసుకుంది, ఆ అమ్మాయి పరుగు కూడా చూడండి, చాలా బాగుంటుంది.

ఆ రేసు నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. గొంతు వణుకుతున్నా సరే, అడగాల్సింది అప్పుడే అడగాలని అందులో నేర్చుకున్నాను. నా టెస్ట్ రోజు విజిల్ వినబడలేదని నేను అమ్మకి చెప్పాను, సార్‌కి చెప్పాను, పక్కింటి పిన్నికి చెప్పాను, అక్కడ గ్రౌండ్‌లో టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్ళకి మాత్రం చెప్పలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 2024 మేలో ఫిన్లాండ్‌లో 12.78. పారిస్ ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత 12.77. అవును, సెకనులో నూరో వంతు! ఇదెక్కడి పరీక్షరా దేవుడా అనిపించింది నాకు. ర్యాంకింగ్ మీద చోటు దొరికింది, మన దేశం నుంచి ఒలింపిక్స్‌లో ఈ హర్డిల్స్ పరిగెత్తిన మొదటి మహిళ అయ్యింది. అక్కడ 13.16, మళ్ళీ ఇచ్చిన రెండో అవకాశంలో 13.17, సెమీస్‌కి వెళ్ళలేదు. ఈ రేసుల్ని చాలామంది దాటేస్తారు, నేను దాటెయ్యను. బాగా పరిగెత్తని రోజు కూడా ఆవిడ జీవితంలోదే. తర్వాతి ఏడాది మేలో కొరియాలోని గుమిలో ఏషియన్ ఛాంపియన్‌షిప్, వాన పడి, స్టాండ్స్ దాదాపు ఖాళీ, 12.96తో గోల్డ్. చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు, జనగణమన వస్తుంటే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. ఆ వీడియో చూసి మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది, అమ్మకి హర్డిల్స్ అంటే ఏంటో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అది అయ్యి రెండు నెలలు తిరక్కుండా మోకాలికి గాయం, ఆపరేషన్.

ఎవరు చూడాలి అంటారా? గ్రూప్స్‌కి, పోలీస్‌కి, డీఎస్సీకి రాసి కొద్దిలో పోయినవాళ్ళు తప్పకుండా చూడండి. పిల్లల్ని గ్రౌండ్‌కి పంపే అమ్మానాన్నలు చూడండి. పదేళ్ళలోపు పిల్లలకి హాంగ్‌జౌ ఒక్కటి చూపిస్తే చాలు, మిగతావి అంకెలతో విసుగొస్తుంది వాళ్ళకి. వరస కూడా చెబుతాను, ముందు లిమసోల్ చూడండి, 13.23 అని గుర్తుపెట్టుకోండి, ఆ తర్వాత వెనక్కి వెళ్ళి కోజికోడ్ 13.09 గురించి చదవండి. ముందు గోల్డ్ మెడల్ వీడియో చూశారంటే ఆ రెండు అంకెల బరువు తెలియదు.

నా సంగతి అడుగుతున్నారు కొందరు. షూస్ మంచం కింద నుంచి తీశాను, ఎడమదాని సోల్ ఊడితే వన్ టౌన్‌లో కుట్టించాను, మూడు వారాలుగా పొద్దున అయిదున్నరకి వస్తున్నాను. టైమ్ ఇంకా పాతదాని దగ్గరికి కూడా రాలేదు, వచ్చాక చెబుతాను. తమ్ముడూ, టేపు చుట్టెయ్, నేను గీతలు చెరిపేస్తా, కాసేపట్లో బండ్లు వదిలేస్తారు.