పిరికివాడి మీద జాలి, ధైర్యవంతురాలి మీద తీర్పు

వ్యాఖ్యాత: నమస్కారం. విశాఖపట్నం నుంచి నవలల గురించి మాట్లాడుకునే మా పాడ్‌కాస్ట్‌కు స్వాగతం. చేతిలో ఉన్న నవల ఇంకా పూర్తికాకముందే దాని గురించి మనసులో ఏం నడుస్తున్నదో చెప్పుకోవడం ఈ భాగం ఉద్దేశం. ఇంటర్మీడియట్‌లో నాకు తెలుగు చెప్పిన మాస్టారు ఈ రోజు మనతో ఉన్నారు. మాస్టారూ, ఇప్పుడు ఏం చదువుతున్నారు?

మాస్టారు: రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి ‘అల్పజీవి’ని మళ్లీ తీశానమ్మా. ఇది నాలుగోసారి. పాతికేళ్ల వయసులో మొదటిసారి చదివినప్పుడు కథానాయకుడు సుబ్బయ్య మీద నాకు విసుగు పుట్టింది. ఉద్యోగమూ సంసారమూ ఉన్న మనిషి, ఎదుటివాడు కాస్త గొంతు పెంచితే చాలు, అలా ముడుచుకుపోతాడేమిటని కోపం వచ్చింది. ఇప్పుడు చదువుతుంటే ఆ కోపం ఏ పుటలోనూ రావడం లేదు. కాంట్రాక్టరు గవరయ్య పేరు వినబడినప్పుడల్లా సుబ్బయ్య మనసు ఎన్ని వంకరదారుల్లో పరుగెత్తి, చివరికి ఎక్కడా ఆగలేక అలసిపోతుందో చూస్తుంటే నా గుండె కూడా వేగంగా కొట్టుకుంటున్నది. పాత్ర మనసులో ఆలోచనలు ఎలా పారితే అలాగే రాసే చైతన్య స్రవంతి పద్ధతి అని తరగతిలో మీకు నేనే నిర్వచనం రాయించాను కానీ, అది పాఠకుడి శరీరానికి ఏం చేస్తుందో ఆ రోజుల్లో చెప్పలేకపోయాను.

వ్యాఖ్యాత: శాస్త్రి గారు ఈ ఊళ్లోనే వకీలుగా పనిచేశారు కదా. కోర్టు మెట్ల దగ్గర భయంతో నిలబడే మనుషులను ఎందరినో చూసి ఉంటారు.

మాస్టారు: చూశారు కనుకనే సుబ్బయ్యను ఎక్కడా వేళాకోళం చేయలేదనిపిస్తుంది నాకు. బలహీనుణ్ణి చూసి నవ్వడం చాలా తేలిక. సరే, నీ సంగతి చెప్పు. నీ చేతిలో ఏముంది?

వ్యాఖ్యాత: డాక్టర్ పి. శ్రీదేవి గారి ‘కాలాతీత వ్యక్తులు’. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో నాలుగు రోజులుగా సాయంత్రాలు కూర్చుని చదువుతున్నాను, మూడు వంతులు పైగా అయింది. ఆవిడ 1929లో అనకాపల్లిలో పుట్టారు. వృత్తి వైద్యం. 1957–58లో ‘తెలుగు స్వతంత్ర’ వారపత్రికలో ఈ నవల ధారావాహికగా వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లకే, 1961లో, ముప్పై రెండేళ్లు నిండకుండానే ఆవిడ మరణించారు. ఆవిడ రాసిన నవల ఇదొక్కటే. కథంతా మన విశాఖపట్నంలోనే మొదలవుతుంది. ఒక ఇంటి మేడగదిలో వైద్యం చదువుతున్న ప్రకాశం, కింద వాటాలో తండ్రితో ఇందిర, అదే ఇంట్లో అద్దెకు దిగిన కల్యాణి.

మాస్టారు: ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమాకు ఆధారం ఆ నవలే. 1963లో వచ్చింది.

వ్యాఖ్యాత: అవునండి. కానీ నన్ను పట్టి నిలిపింది ఇందిర ఒక్కతే. తండ్రి ఆమె సంపాదన మీద బతుకుతుంటాడు. ఆమె గురించి ఆలోచించే మనిషి ఆ ఇంట్లో లేడు. అందుకే తనకు కావలసినది తానే చేయి చాచి అందుకుంటుంది, అందుకోలేకపోతే ఏడుస్తూ కూర్చోకుండా మరో దారి చూసుకుంటుంది. ప్రకాశం కల్యాణికి దగ్గరవుతున్నాడని తెలిసీ అతన్ని తన వైపు తిప్పుకుంటుంది. మీరు ఇందిర గురించి ఏమనుకుంటారు?

మాస్టారు: తెలివైనదే, బతకనేర్చినదే. కానీ తండ్రి పోయి, దిక్కులేక ఉన్న కల్యాణికి ఆమె చేసిన అన్యాయాన్ని నేను తేలికగా తీసుకోలేను. ఎదుటి మనిషి నొప్పి తెలిసి కూడా నడుచుకుంటూ వెళ్లిపోయే ధైర్యాన్ని మెచ్చుకోవడం నాకు చేతకాదు.

వ్యాఖ్యాత: ఇక్కడే మీతో విభేదిస్తాను, క్షమించండి. సుబ్బయ్య భయం వల్ల అతని ఇంట్లో వాళ్లకు కష్టం కలగలేదా? అతని భార్య సావిత్రి పడిన చిన్నతనం మాటేమిటి? అతని పిరికితనానికి ఎన్ని కారణాలున్నాయో వెతికి, వెతికి, మీరు నాలుగోసారి కూడా అతని పక్కనే కూర్చున్నారు. ఇందిర దగ్గరికి వచ్చేసరికి మాత్రం కారణాలు అడగకుండా లెక్క అడుగుతున్నారు. నేను మిమ్మల్ని ఒక్కరినే అనడం లేదు. మొదటి వంద పుటలూ నేనూ అలాగే చదివాను. ఇందిర మాట్లాడినప్పుడల్లా కల్యాణి ముఖం వైపే చూశాను.

మాస్టారు: ...నిజమే. సావిత్రి గురించి నేను ఇంతవరకు ఒక్క మాటా అనలేదు. ఆమె ఈసడింపు సుబ్బయ్యకు ఎంత బాధ కలిగించిందో నాకు తెలుసు. ఆ ఈసడింపు ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం నన్ను నేను అడగలేదు. అయితే ఒక మాట, కల్యాణి పట్ల నా అభిప్రాయం మారదు.

వ్యాఖ్యాత: మారనక్కరలేదండి. కల్యాణికి నష్టం జరిగిన మాట నిజం. నేను అడిగేదల్లా, ఆ నష్టంలో ప్రకాశం వాటా ఎంత అని. ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఎటూ తేల్చుకోలేక, పెద్దవాళ్ల మాట కాదనలేక, చివరికి ఎవరికీ ఏమీ కాలేకపోయిన మనిషి అతను. ఒక రకంగా సుబ్బయ్యకు తమ్ముడే. శ్రీదేవి గారు అతన్ని ద్వేషించలేదు, అలాగని అతని పిరికితనాన్ని మంచితనంగా చూపించనూ లేదు. డాక్టరు రోగిని చూసినట్టు చూశారు. ఆ చూపు నాకు ఎంతో నచ్చింది.

మాస్టారు: ప్రకాశాన్ని సుబ్బయ్య పక్కన నిలబెట్టి చూడాలని నాకు ఎప్పుడూ తోచలేదు. ఇద్దరూ దాదాపు ఒకే కాలపు మనుషులు. ఒకతను గుమాస్తా, ఒకతను కాబోయే డాక్టరు. చదువు పెరిగినా భయం తగ్గలేదన్నమాట.

వ్యాఖ్యాత: ఒక శ్రోత కూడా తాను చదువుతున్న నవల గురించి మాట పంపారు. ఇక్కడి కింగ్ జార్జ్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నారు, రాత్రి డ్యూటీ మధ్య విరామంలో బుచ్చిబాబు గారి ‘చివరకు మిగిలేది’ చదువుతున్నారట. అందులో కథానాయకుడు దయానిధి తన తల్లి మీద లోకం వేసిన నిందను జీవితమంతా మోస్తాడు కానీ, ఆ తల్లి ఏమనుకున్నదో తనకు వినాలని ఉందని ఆవిడ అన్నారు.

మాస్టారు: ఆ అమ్మాయి సరైన చోట ఆగింది. నేనూ ఆ నవల మీద ఎన్నో ఏళ్లు పాఠం చెప్పాను. కోమలి గురించి, అమృతం గురించి, దయానిధి ఒంటరితనం గురించి చెప్పాను. తల్లి దగ్గర ఎప్పుడూ ఆగలేదు.

వ్యాఖ్యాత: మళ్లీ కలిసేలోపు మీరు ఏం చదువుతారు, మాస్టారూ?

మాస్టారు: ‘అల్పజీవి’ ఇంకా అరవై పుటలు మిగిలింది. అది కాస్త పక్కన పెట్టి, సావిత్రి కనబడే పుటలన్నీ మొదటి నుంచి మరొకసారి చూస్తాను. నువ్వు గ్రంథాలయంలో పుస్తకం తిరిగి ఇచ్చే రోజు చెప్పమ్మా, నేనే వచ్చి తీసుకుంటాను. ఇందిరను చదివి ఇరవై ఏళ్లు దాటింది.

వ్యాఖ్యాత: శుక్రవారం సాయంత్రానికి పూర్తిచేస్తానండి. ఐదింటికల్లా అక్కడే ఉంటాను.