నాలుగేళ్ల గడువున్న మాట

శ్రోతలకు నమస్కారం.

2018 మే 8న ఇరాన్ అణు ఒప్పందం నుంచి తప్పుకుంటున్నామని అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ప్రకటించారు. తన అణు కార్యక్రమానికి ఇరాన్ హద్దులు పెట్టుకుంటే, దానిపై ఆంక్షలు సడలిస్తామన్న 2015 నాటి ఒప్పందం అది. ఇరాన్ మాట తప్పిందని అప్పటికి వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అనలేదు. 2016లో రెండుసార్లు భారజలం (కొన్ని రకాల అణు రియాక్టర్లలో వాడే నీరు) నిల్వ 130 టన్నుల హద్దును కాస్త దాటితే ఎత్తిచూపింది, ఇరాన్ సరిదిద్దుకుంది. మిగతా షరతులన్నీ అమలవుతున్నాయనే ఆ సంస్థ నివేదికలు చెబుతూ వచ్చాయి. అయినా ఒప్పందం కూలింది. కూల్చడానికి ట్రంప్ అమెరికా కాంగ్రెస్ అనుమతి అడగాల్సిన అవసరం కూడా రాలేదు. మే 12కల్లా పునరుద్ధరించాల్సిన కొన్ని మినహాయింపు పత్రాల మీద సంతకం పెట్టకపోతే చాలు, పాత ఆంక్షలు వాటంతట అవే అమల్లోకి వస్తాయి.

ఏడు దేశాలు, ఐరోపా సమాఖ్య కలిసి కుదుర్చుకున్న ఒప్పందాన్ని ఇంత బలహీనమైన పునాది మీద ఎందుకు నిలబెట్టారు? అమెరికా విదేశాంగ విధానం దెబ్బతిన్న ప్రతిసారీ మనం అధ్యక్షుల గుణగణాలు చర్చిస్తాం. ఒకరు దుడుకు, ఒకరు మెతక, ఒకరు వృద్ధుడు అంటాం. అసలు జబ్బు అక్కడ లేదని నా అభిప్రాయం. రెండు పార్టీల మధ్య పగ ఎంత ముదిరిందంటే, అమెరికా ఇచ్చే మాటకు వచ్చే ఎన్నిక దాటి ఆయుష్షు లేదు. ఈ సంగతి టెహ్రాన్‌కు తెలుసు, ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్‌కు తెలుసు, ఐరోపా బ్యాంకులకు ఇంకా బాగా తెలుసు.

అమెరికా రాజ్యాంగం రెండో అధికరణం ప్రకారం అధ్యక్షుడు విదేశాలతో సంధి చేసుకోవచ్చు. అయితే సెనేట్‌లో హాజరైన సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. వందమందీ హాజరైతే 67 ఓట్లు కావాలి. ఒక పార్టీకి ఒంటరిగా అన్ని సీట్లు రావడం దాదాపు అసాధ్యం కాబట్టి, ఎదుటి పార్టీ నుంచి కొందరు తప్పనిసరిగా రావాలి. ఒకప్పుడు వచ్చేవారు. 1978లో పనామా కాలువను పనామాకు తిరిగి అప్పగించే ఒప్పందాలకు సెనేట్‌లో 68 ఓట్లు పడ్డాయి. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ డెమొక్రాట్. ఆయనకు అండగా ఓటేసిన 16 మంది రిపబ్లికన్లలో ఆ పార్టీ సెనేట్ నాయకుడు హోవర్డ్ బేకర్ కూడా ఉన్నారు. సొంత పార్టీలో చెడ్డపేరు వస్తుందని తెలిసీ ఓటేశారు.

ఇక 2012 డిసెంబరు చూడండి. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక సెనేట్ ముందుకు వచ్చింది. అది 1990లో అమెరికా తానే చేసుకున్న వికలాంగుల చట్టం నమూనాలో తయారైనది. దానివల్ల అమెరికా కొత్తగా వదులుకోవాల్సింది ఏమీ లేదు. రిపబ్లికన్ పార్టీ మాజీ అధ్యక్ష అభ్యర్థి, రెండో ప్రపంచ యుద్ధంలో తీవ్రంగా గాయపడిన బాబ్ డోల్ 89 ఏళ్ల వయసులో చక్రాల కుర్చీలో సభలోకి వచ్చి కూర్చున్నారు. ఆయన కళ్లముందే ఆ ఒడంబడిక 61-38తో, మూడింట రెండు వంతులు అందక వీగిపోయింది. వ్యతిరేకించిన 38 మందీ ఆయన పార్టీ వారే. ఇలాంటి ఒడంబడికకే దారి లేకపోతే ఇరాన్‌తో సంధికి ఎక్కడ దొరుకుతుంది? 2015 జులైలో ప్రతినిధుల సభ కమిటీ ఇదే అడిగినప్పుడు విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ దాపరికం లేకుండా చెప్పారు, ఇప్పుడు సంధిని సెనేట్‌లో నెగ్గించడం సాధ్యం కాదని.

అందుకే ఒబామా ప్రభుత్వం 2015 జులై 14న వియన్నాలో కుదిరిన ఆ పత్రాన్ని సంధి అనలేదు. దాన్ని చట్టపరమైన కట్టుబాటు లేని రాజకీయ అంగీకారంగానే ఉంచింది, అందులో సంతకాలు కూడా లేవు. ఆ ఏడాది మార్చిలోనే సెనేటర్ టామ్ కాటన్ ఆధ్వర్యంలో 47 మంది రిపబ్లికన్ సెనేటర్లు నేరుగా ఇరాన్ నాయకులకు బహిరంగ లేఖ రాశారు. మా కాంగ్రెస్ ఆమోదించని ఒప్పందాన్ని తర్వాతి అధ్యక్షుడు ఒక్క కలంపోటుతో రద్దు చేయగలడని అందులో హెచ్చరించారు. చర్చలు సాగుతుండగా, సొంత ప్రభుత్వాన్ని నమ్మొద్దని ప్రతిపక్షం ప్రత్యర్థి దేశానికి చెప్పడం నా దృష్టిలో ఘోరమైన పని. కానీ లేఖలో విషయం మాత్రం నిజమే. అంతకు కొద్ది రోజుల ముందు స్పీకర్ జాన్ బోనర్ శ్వేతసౌధాన్ని సంప్రదించకుండానే ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహును పిలిచి, ఆ ఒప్పందానికి వ్యతిరేకంగా కాంగ్రెస్‌లో మాట్లాడించారు.

మే నెలలో రెండు పార్టీలూ కలిసి ఒప్పందాన్ని సమీక్షించే చట్టం చేశాయి. సెనేట్‌లో 98-1 ఓట్లు. పైకి అపురూపమైన ఏకాభిప్రాయంలా కనిపిస్తుంది గానీ, నిజానికి ఆ చట్టం లెక్కను తలకిందులు చేసింది. ఆమోదానికి 67 మంది కావాల్సిన చోట, తిరస్కారాన్ని ఆపడానికి 41 మంది చాలు అన్నట్టు తయారైంది. సెప్టెంబరు 10న ఓటింగ్ జరిగింది. ఒప్పందాన్ని తిరస్కరించాలన్న వైపు 58 మంది నిలిచారు. 54 మంది రిపబ్లికన్లు, వారితో నలుగురు డెమొక్రాట్లు. చర్చ ముగించి తీర్మానం పెట్టడానికి 60 కావాలి, రెండు తగ్గాయి. అంటే సెనేట్‌లో మెజారిటీ వద్దన్న ఒప్పందం 42 మంది అండతో బతికింది. ఆ 42 మందిలో ఒక్క రిపబ్లికన్ కూడా లేరు. డెమొక్రాట్లు ఆ రోజు సంబరపడ్డారు. ఒక్క ఎన్నిక ఓడిపోతే ఏమవుతుందో ఆలోచించాల్సిన రోజు అది.

ఒప్పందం సరుకు విషయానికి వస్తే, నా లెక్కలో అది మంచిదే. ఇరాన్ దగ్గర ఉన్న సుమారు 19,000 సెంట్రిఫ్యూజ్‌లను (యురేనియం శుద్ధి చేసే యంత్రాలను) 6,104కు తగ్గించి, అందులోనూ 5,060 మాత్రమే నడపాలి. యురేనియం శుద్ధి, అంటే అందులో అణు ఇంధనంగా పనికొచ్చే రకం వాటా, 3.67 శాతం దాటకూడదు. నిల్వ 300 కిలోలు మించకూడదు. ఈ రెండు షరతులకూ గడువు 15 ఏళ్లు. కొండ కింద ఉన్న ఫోర్డో కేంద్రంలో ఆ పదిహేనేళ్లూ యురేనియం శుద్ధే జరగకూడదు. భారజలంతో నడిచేలా కడుతున్న అరాక్ రియాక్టర్ గర్భాన్ని తీసి, గొట్టాల్లో కాంక్రీటు పోశారు. సుమారు 11 టన్నుల తక్కువ శుద్ధి యురేనియం 2015 డిసెంబరులో ఓడ మీద రష్యాకు వెళ్లిపోయింది. ఒక బాంబుకు సరిపడే పదార్థం తయారీకి అంతకుముందు రెండు మూడు నెలలు చాలనుకుంటే, ఇప్పుడు ఏడాది పడుతుందని అంచనా వేశారు. క్షిపణుల ఊసు లేదు, ఇరాన్ సాయం చేసే లెబనాన్, యెమెన్ సాయుధ ముఠాల ఊసు లేదు, పదిహేనేళ్ల తర్వాత హద్దులు పోతాయి అన్న విమర్శలు ఉన్నాయి. అవి కాదనలేనివి. అయితే, పదిహేనేళ్లు చాలవన్న వారే రెండున్నరేళ్లకు దాన్ని ఎందుకు తెంచేశారు? ఈ ప్రశ్నకు రిపబ్లికన్ల నుంచి సరైన జవాబు నేనింతవరకూ వినలేదు.

లోపం ఎక్కడుందంటే, ఇరాన్ ఇచ్చినవి స్థూలమైనవి. విప్పేసిన యంత్రాలు, పోసేసిన కాంక్రీటు, ఓడెక్కిన యురేనియం. అమెరికా ఇచ్చింది తాత్కాలికమైనది. ఇరాన్‌పై ప్రధాన ఆంక్షలు కాంగ్రెస్ చేసిన చట్టాలు. వాటిని అధ్యక్షుడు రద్దు చేయలేరు. కొన్నిటికి 120 రోజులు, కొన్నిటికి 180 రోజులు చొప్పున మినహాయింపు ఇస్తూ పోగలరు, అంతే. ఎనిమిదేళ్లు గడిచాక, 2023 అక్టోబరులో, చట్టాలను రద్దు చేయమని కాంగ్రెస్‌ను కోరతామని మాత్రమే ఒప్పందంలో రాశారు. మన దగ్గర పదకొండు నెలల అద్దె అగ్రిమెంట్ మీద ఎవరూ మేడ కట్టరు. ఐరోపా బ్యాంకులూ అదే చేశాయి. ఇరాన్, సూడాన్, క్యూబా ఆంక్షల ఉల్లంఘనకు ఫ్రాన్స్‌కు చెందిన బీఎన్‌పీ పారిబా 2014లో దాదాపు 900 కోట్ల డాలర్లు చెల్లించాల్సి వచ్చిన సంగతి వాటికి గుర్తుంది. ఒప్పందం అమల్లో ఉన్నప్పుడు కూడా పెద్ద బ్యాంకులు ఇరాన్ గడప తొక్కలేదు. ఎయిర్‌బస్ వంద విమానాలకు ఒప్పందం చేసుకుంది, మూడే ఇవ్వగలిగింది. ఫ్రెంచ్ చమురు సంస్థ టోటాల్ సౌత్ పార్స్ గ్యాస్ క్షేత్రంలోకి 2017లో అడుగుపెట్టి మరుసటి ఏడాదే వెళ్లిపోయింది. ఒప్పందం వల్ల బతుకులు బాగుపడతాయని సొంత ప్రజలకు చెప్పిన ఇరాన్ మితవాదులు అక్కడే ఓడిపోయారు.

అమెరికా తప్పుకున్నాక ఇరాన్ ఏడాదిపాటు ఆగింది. 2019 మే నుంచి మెట్టు మెట్టుగా హద్దులు దాటింది. జులైలో 300 కిలోలు, 3.67 శాతం రెండూ దాటాయి. 2021 జనవరిలో 20 శాతం, ఏప్రిల్‌లో 60 శాతం. 60 శాతానికి చేరితే బాంబుకు వాడే 90 శాతానికి కావలసిన శ్రమలో అత్యధిక భాగం అయిపోయినట్టే. సహజ యురేనియంలో పనికొచ్చే ఐసోటోపు 0.7 శాతమే ఉంటుంది కాబట్టి, మొదటి మెట్లలోనే యంత్రాలకు ఎక్కువ పని పడుతుంది.

బైడెన్ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో వియన్నాలో చర్చలు మొదలుపెట్టింది. అధికారం చేపట్టి అప్పటికి రెండు నెలలు దాటిపోయాయి. జూన్‌లో ఇరాన్‌లో అధ్యక్ష ఎన్నికలు జరిగి ఛాందసవాది రైసీ గెలిచారు. ఆ జాప్యం డెమొక్రాట్ల తప్పే. స్వదేశంలో మెతక అనిపించుకుంటామన్న భయం అందులో కనిపిస్తుంది. చర్చల్లో ఇరాన్ అడిగినవాటిలో ముఖ్యమైనది, వచ్చే అధ్యక్షుడు మళ్లీ తప్పుకోడని హామీ. బైడెన్ ఇవ్వలేకపోయారు. ఇవ్వడం ఆయన చేతిలో లేదు. 2022 సెప్టెంబరు నాటికి చర్చలు ఆగిపోయాయి.

2025లో ట్రంప్ తిరిగి వచ్చి ఒమన్ మధ్యవర్తిత్వంతో తానే చర్చలు ప్రారంభించారు. జూన్ 13న ఇజ్రాయెల్ దాడి చేసింది. 22న అమెరికా బీ-2 బాంబర్ విమానాలు ఫోర్డో, నతాంజ్ అణు కేంద్రాలపై ఒక్కొక్కటి 30,000 పౌండ్ల బరువున్న 14 బాంబులు వేశాయి. దాడులు మొదలయ్యేనాటికి ఇరాన్ వద్ద 60 శాతం శుద్ధి అయిన యురేనియం సుమారు 440 కిలోలు ఉందని అణుశక్తి సంస్థ అంచనా. మరికాస్త శుద్ధి చేస్తే అది పది బాంబుల వరకు సరిపోయే పదార్థం. 2015 ఒప్పందం నిలిచి ఉంటే 2031 జనవరి దాకా ఆ రకం ఒక్క గ్రాము కూడా ఉండకూడదు. దాడుల తర్వాత ఇరాన్ తనిఖీలకు సహకారం నిలిపేసింది, ఆ నిల్వ ఎక్కడుందో తనిఖీదారులు కళ్లారా చూసే వీలు లేకుండా పోయింది. కాంగ్రెస్ అనుమతి లేకుండా ఇరాన్‌పై యుద్ధం చేయకూడదన్న తీర్మానం జూన్ 27న సెనేట్‌లో 47-53తో ఓడింది. పార్టీ గీత దాటింది అటొకరు, ఇటొకరు. 2011లో లిబియాపై ఒబామా అనుమతి లేకుండా బాంబులు వేయించినప్పుడు డెమొక్రాట్లలో ఎక్కువమందికి ఆ నియమం అంతగా పట్టలేదు. ఏది రాజ్యాంగబద్ధం అన్నది శ్వేతసౌధంలో ఎవరున్నారన్న దాన్ని బట్టి మారిపోతోంది.

ఇది ఇరాన్‌తో మొదలైన కథ కాదు. 1994 అక్టోబరులో క్లింటన్ ప్రభుత్వం ఉత్తర కొరియాతో ఒప్పందం చేసుకుంది. బాంబుకు పనికొచ్చే ప్లుటోనియం కార్యక్రమం ఆపితే విద్యుత్ కోసం రెండు లైట్‌వాటర్ రియాక్టర్లు (మామూలు నీటితో నడిచేవి), అవి తయారయ్యేదాకా ఏటా 5 లక్షల టన్నుల ఇంధన నూనె. మరుసటి నెలలోనే కాంగ్రెస్ రిపబ్లికన్ల చేతికి వెళ్లింది. నూనెకు డబ్బు ఇవ్వడంలో ప్రతి ఏటా పేచీ, రియాక్టర్లు ఏళ్లకేళ్లు ఆలస్యం. ఉత్తర కొరియా కూడా రహస్యంగా యురేనియం దారి పట్టింది, ఆ దోషం వారిదే. కానీ 2002లో బుష్ ప్రభుత్వం నూనె ఆపి ఒప్పందాన్ని వదిలేసిన నాలుగేళ్లకు, 2006 అక్టోబరు 9న, ప్యాంగ్యాంగ్ అణుపరీక్ష చేసింది.

మన దేశానికి దీని ఖర్చు తెలుసు. ఇరాన్ మనకు ప్రధాన చమురు సరఫరాదారుల్లో ఒకటిగా ఉండేది. 60 రోజుల అరువు ఇచ్చేది, యూకో బ్యాంకు ద్వారా రూపాయల్లో చెల్లింపు తీసుకునేది. భారత్‌తో సహా ఎనిమిది దేశాలు, ప్రాంతాలకు ఇచ్చిన మినహాయింపును అమెరికా 2019 మే 2న ఎత్తేసింది, మన కొనుగోళ్లు నిలిచిపోయాయి. అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఇదే యంత్రాంగం ఇంకో రూపంలో ఎదురవుతుంది. హెచ్-1బీ ఉద్యోగుల వెంట హెచ్-4 వీసాపై ఉన్న జీవిత భాగస్వాముల్లో కొందరికి ఉద్యోగ అనుమతి 2015లో ప్రభుత్వ నిబంధనగా వచ్చింది, చట్టంగా రాలేదు. ట్రంప్ మొదటి పాలనలో దాన్ని ఎత్తేస్తామని ప్రతిపాదించారు, బైడెన్ రాగానే ఆ ప్రతిపాదన వెనక్కి వెళ్లింది. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ఒక అధ్యక్ష ప్రకటనతో వచ్చిపడింది. కాంగ్రెస్ చేయాల్సిన పని కాంగ్రెస్ చేయనప్పుడు, సంతకంతో వచ్చినది సంతకంతో పోతుంది.

దారి లేదా అంటే ఉంది, వాళ్ల చేతుల్లోనే ఉంది. 67 ఓట్ల సంధికి బదులు ఉభయసభల్లో సాధారణ చట్టంగా ఒప్పందాన్ని ఆమోదించుకోవచ్చు. వాణిజ్య ఒప్పందాలకు ఎప్పటినుంచో అదే పద్ధతి. మెక్సికో, కెనడాలతో ట్రంప్ కుదుర్చుకున్న వాణిజ్య ఒప్పందాన్ని డెమొక్రాట్ల చేతిలోని ప్రతినిధుల సభ వెంటనే తోసిపుచ్చలేదు. కార్మిక నిబంధనల అమలు, మందుల ధరల విషయాల్లో మార్పులు పట్టుబట్టి సాధించి, 385-41తో నెగ్గించింది. సెనేట్‌లో 89-10. ఆ సభే, సరిగ్గా ఆ వారంలోనే, అదే ట్రంప్‌ను అభిశంసించింది కూడా. అంత వైరంలోనూ పని జరిగింది. 2025లో అదే ట్రంప్ ఆ రెండు దేశాలపై సుంకాలు విధించినప్పుడు, ఒప్పందం నిబంధనలకు లోబడిన సరుకులకు మార్చిలో మినహాయింపు ఇచ్చారు.

ఇరాన్‌తో గానీ మరొకరితో గానీ ఇకముందు కుదిరే ఒప్పందంలో ఆంక్షల సడలింపును అధ్యక్షుడి మినహాయింపుగా కాక చట్ట సవరణగా రాయాలి. ఎదుటి పక్షం ఏ షరతు ఉల్లంఘిస్తే ఏ ఆంక్ష తిరిగి వస్తుందో ఆ చట్టంలోనే ఉండాలి. ఉల్లంఘన జరిగిందో లేదో తేల్చే పని అణుశక్తి సంస్థ నివేదికకు ముడిపెట్టాలి. ఎదుటి పార్టీ కమిటీ నాయకులను చర్చలు ముగిశాక కాదు, మొదటి ముసాయిదా రాసేటప్పుడే కూర్చోబెట్టాలి. 2015లో ఒబామా ఇది చేయలేదు, 2021లో బైడెన్ చేయలేదు, 2025లో ట్రంప్ చేయలేదు.